పెద్దదిక్కు నువ్వు కాదు, తల్లీ

అందరికీ నమస్కారం. పిల్లలూ, వాళ్ల వెంట వచ్చిన అమ్మలూ, అమ్మమ్మలూ, తోటి టీచర్లూ!

చిన్నప్పటి మీతో మాట్లాడే అవకాశం వస్తే ఏం చెబుతారు అని నన్ను అడిగారు. ఈ హాల్లో తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లలు చాలామంది ఉన్నారని కూడా ముందే చెప్పారు. అందుకని ఉపోద్ఘాతాలు పెట్టుకోను. పదమూడేళ్ల నాతో నేరుగా మాట్లాడతాను. మీకు పనికొచ్చేది ఉంటే తీసుకోండి.

మా నాన్న ఆర్టీసీలో కండక్టరు, రాజమండ్రిలో. 1996 ఆగస్టులో గుండెపోటుతో పోయారు. తమ్ముడికి అప్పుడు ఏడేళ్లు. తలకొరివి వాడి చేతే పెట్టించారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ నా తల మీద చెయ్యి వేసి ఒకటే మాట అనేవాళ్లు: "ఇక ఈ ఇంటికి నువ్వే పెద్దదిక్కు. అమ్మని, తమ్ముణ్ణి నువ్వే చూసుకోవాలి."

తల్లీ, ఆ మాట అన్నవాళ్లు చెడ్డవాళ్లు కారు. అలాంటప్పుడు ఏం మాట్లాడాలో ఎవరికీ తోచదు. కానీ ఆ మాట నువ్వు ఒప్పుకోకు. నువ్వు చదివేది ఎనిమిదో తరగతి. ఫ్యామిలీ పెన్షన్ కాగితాల్లో ఇంగ్లీషు చదవడం రాక అమ్మ నిన్ను ఆఫీసుకి వెంటబెట్టుకెళితే వెళ్లు, చదివిపెట్టు, తప్పులేదు. ఇంటికొచ్చాక మాత్రం ఆ కాగితాల టెన్షన్ పెద్దవాళ్లకి వదిలెయ్యి. బాబాయ్ ఉన్నాడు, మామయ్య ఉన్నాడు. డబ్బాలో బియ్యం ఎన్ని రోజులకి వస్తాయో రాత్రిపూట పడుకుని లెక్కలు వెయ్యడం నీ పని కాదు.

ఇలాంటి సందర్భాల్లో మనవాళ్లు టంగుటూరి ప్రకాశం గారి ఉదాహరణ చెబుతుంటారు. పదకొండేళ్లకే తండ్రి పోయినా కష్టపడి పైకొచ్చి ఆంధ్రకేసరి అయ్యాడు, నువ్వూ అలా గట్టిగా నిలబడాలి అంటారు. నాకు ఆ కథలో వేరే సంగతి కనిపిస్తుంది. ఆయన తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు పెట్టి, పదిమందికి వండివార్చి, పిల్లల్ని పోషించారు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారనే మాస్టారు ఆ కుర్రాణ్ణి చేరదీసి, తనతోపాటు రాజమండ్రి తీసుకొచ్చి చదివించారు. అంటే పెద్దవాళ్లు మొయ్యాల్సింది పెద్దవాళ్లే మోశారు. అందుకే పిల్లవాడికి చదువుకోవడానికి, అల్లరి చెయ్యడానికి కూడా వీలు దొరికింది. పిల్లలకి ఈ కథ చెప్పేటప్పుడు సుబ్బమ్మ గారినీ ఆ మాస్టారినీ వదిలేసి చెప్పకండి.

ఇప్పుడు సోడా సంగతి. ఇది నా పెళ్లయ్యేదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి నాన్న ఛాతీ రుద్దుకుంటూ మంచం మీద కూర్చున్నారు. చొక్కా చెమటతో తడిసిపోయి ఒంటికి అంటుకుపోయింది. "గ్యాస్ పట్టేసినట్టుందమ్మా, ఒక గోళీసోడా పట్రా" అన్నారు. వీధి చివర బడ్డీకొట్టు దాకా పరుగెత్తాను. కొట్టతను సోడా కొట్టి గ్లాసులో పోసిచ్చాడు, తొణక్కుండా పట్టుకుని వచ్చాను. నాన్న సగం తాగి గ్లాసు నా చేతికిచ్చారు. ఆ రాత్రి తెల్లవారకముందే పోయారు. ఆయన తాగిన చివరి సోడా నేను తెచ్చిందే. దానివల్లే పోయారేమోనన్న భయం నా కడుపులో ఏళ్లకేళ్లు ఉండిపోయింది. ఎవరైనా గోళీసోడా కొడితే ఆ చప్పుడుకి ఒళ్లు జలదరించేది.

తల్లీ, విను. నేనిప్పుడు బయాలజీ టీచర్ని, పాఠం చెప్పినట్టే చెబుతాను. గుండె కండరానికి రక్తం తీసుకెళ్లే నాళాల్లో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుంటుంది. ఒకనాడు ఆ కొవ్వు పొర చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి, దారి మూసేస్తుంది. అది జరిగింది నాన్న ఒంట్లో. నీ చేతిలోని గ్లాసుకి దానితో సంబంధం లేదు. ఆయన సోడా అడిగారు, నువ్వు తెచ్చావు. అంతే.

ఇక్కడున్న పిల్లల్లో కూడా ఇలాంటిది ఏదో ఒకటి మనసులో దాచుకున్నవాళ్లు ఉంటారు. ఆ రోజు నాన్న మీద విసుక్కున్నాను, అమ్మ ఫోన్ చేస్తే ఎత్తలేదు, కరోనా ఇంట్లోకి నావల్లే వచ్చిందేమో అని. నా క్లాసులో 2021 తర్వాత బడికి తిరిగొచ్చిన పిల్లల దగ్గర ఈ ఆఖరి మాట విన్నాను. అది ఒక్కసారి నోరు తెరిచి నమ్మకమైన పెద్దవాళ్లకి చెప్పండి. లోపల దాచుకున్నంతకాలం అది నిజమే అనిపిస్తుంది.

పెద్దవాళ్లకి ఇక్కడే ఒక మాట. ఛాతీలో బరువు, చెమటలు, చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే గ్యాస్ అని కూర్చోవద్దు. మా నాన్న రోజుల్లో 108 లేదు, 2005లో వచ్చింది. ఇప్పుడుంది. ఫోన్ చెయ్యండి.

మూడో రోజో నాలుగో రోజో, చుట్టాల పిల్లలతో పెరట్లో తొక్కుడుబిళ్ల ఆడాను. నవ్వాను కూడా. వరండాలోంచి ఒకావిడ "తండ్రి పోయిన పిల్ల, చూడండి ఎలా గెంతుతోందో" అంది. బిళ్ల అక్కడే వదిలేసి లోపలికొచ్చేశాను. తర్వాత చాలాకాలం ఎవరూ చూడకుండా నవ్వడం నేర్చుకున్నాను. తల్లీ, ఆటకి వెళ్లు. పిల్లల దుఃఖం ఒక గంట ముంచెత్తుతుంది, మరో గంట మరిచిపోనిస్తుంది. పెద్దవాళ్లదీ దాదాపు అంతే. స్ట్రోబ్, షుట్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 1999లో ఇదే చెప్పారు: పోయినవాళ్ల వైపు కాసేపు, బతుకు వైపు కాసేపు అటూ ఇటూ తిరుగుతూనే మనిషి కోలుకుంటాడని. దుఃఖానికి ఐదు మెట్లుంటాయని మీరు వినే ఉంటారు. కూబ్లర్ రాస్ అనే డాక్టరమ్మ 1969లో అది రాసింది మరణానికి దగ్గరైన రోగులతో మాట్లాడి. అందుకని మూడో మెట్టు దగ్గరే ఆగిపోయానేమిటి అని మీరెవరూ బెంగపడక్కర్లేదు.

నాన్న పోయిన మూడు నెలలకి, నవంబరు 6న, కోనసీమ మీద తుఫాను పడింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. నాన్న బస్సు తిరిగిన ఊళ్లలో కొబ్బరితోటలన్నీ నేలమట్టం. ఇంటికొచ్చేవాళ్లు అంతా ఆ కబుర్లే. అక్కడ అంతమంది దిక్కులేనివాళ్లయ్యారు, మన కష్టం ఎంతలే అన్నారు. నిజమే కదా అనుకుని నేను ఇంకా నోరు మూసుకున్నాను. వాళ్ల కోసం ఏడు తల్లీ, ఏడవాల్సిందే. కానీ నీ నాన్న కోసం ఏడవడం మానక్కర్లేదు. వెయ్యి ఇళ్లలో చావు జరిగినంత మాత్రాన నీ ఇంట్లో ఖాళీ అయిన మంచం నిండదు.

ఇంట్లో ఏమయిందో చెబుతాను. పదో రోజు తెల్లవారకముందే అమ్మని పెరట్లోకి తీసుకెళ్లి గాజులు తీశారు, బొట్టు చెరిపారు. నన్ను గదిలో ఉండమన్నారు. గాజుల చప్పుడు తలుపు ఆపలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో నాన్న మాట ఎత్తడం ఆగిపోయింది. నేను ఏడిస్తే అమ్మ ఏడుస్తుందని నేను, తను ఏడిస్తే పిల్లలు బెదురుతారని అమ్మ, మగపిల్లాడు ఏడవకూడదన్నారని తమ్ముడు. ముగ్గురం ఒకే గదిలో పడుకుని, మిగతా ఇద్దరూ నిద్రపోయేదాకా కాచుకుని, అప్పుడు ఏడ్చేవాళ్లం. ఇది నాకు పందొమ్మిదేళ్ల తర్వాత తెలిసింది.

2015 పుష్కరాలకి కోటిలింగాల ఘాట్లో తమ్ముడు పిండం పెట్టాడు. పంతులు గారు గోత్రం అడిగి, తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు చెప్పమన్నారు. వాడు నాన్న పేరు గట్టిగా పలికాడు. వాడి నోట ఆ పేరు వినడం నాకు అదే మొదటిసారి. అదయ్యాక మెట్ల మీద కూర్చుని "అక్కా, నాన్న గొంతు ఎలా ఉండేది? నాకు గుర్తులేదు" అన్నాడు. నేను ఆయనలాగే "రైట్ రైట్" అని చూపించాను, చివర కాస్త సాగదీసి. పక్కనే ఉన్న అమ్మ ఫక్కున నవ్వింది. "కాదే, ఇంకా ముక్కుతో అనేవారు" అంది. ఆ రాత్రంతా అమ్మ చెబుతూనే ఉంది. అమలాపురం నైట్ హాల్ట్ నుంచి వస్తూ దారిలో ఆత్రేయపురం పూతరేకులు తెచ్చేవారట, బ్యాగులో చిల్లర కింద నలిగిపోతే గిన్నెలో పాలు పోసి కలిపి తినిపించేవారట. నాకు తెలియని నాన్న ఎంత ఉన్నారో ఆ రాత్రి తెలిసింది.

తల్లీ, పుష్కరాల దాకా ఆగకు. ఇవాళే అమ్మని అడుగు, నాన్న గురించి. అమ్మ ఏడుస్తుంది, ఏడవనీ. పక్కన కూర్చో.

ఇంకొకటి, ఈ దుఃఖం ఏడాదిలో, సంవత్సరీకంతో అయిపోతుందని అనుకోకు. నువ్వు పెద్దవుతుంటే అదీ పెద్దవుతుంది. పదమూడేళ్లప్పుడు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టే మనిషి లేడని ఏడ్చాను. 2006లో నా పెళ్లికి పీటల మీద బాబాయ్, పిన్ని కూర్చుని కన్యాదానం చేస్తుంటే, అమ్మ మండపం వెనక స్తంభం పక్కన నిలబడింది. ఎదురుగా రాకూడదట. నాలుగేళ్లకే తండ్రిని పోగొట్టుకున్న కందుకూరి వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించింది ఈ రాజమండ్రిలోనే. నూటపాతికేళ్ల తర్వాత అదే ఊళ్లో మా అమ్మ స్తంభం చాటున. ఆ రోజు నాన్న మీద బెంగ కన్నా ఆ ఆచారం మీద కోపం ఎక్కువొచ్చింది. ఆ కోపం కూడా దుఃఖమే, తల్లీ. మళ్లీ మళ్లీ వచ్చినప్పుడు నీలో ఏదో లోపం ఉందనుకోకు. ఒక్కో వయసులో నీకు కావాల్సిన నాన్న వేరు, కాబట్టి ఒక్కో వయసులో ఆయన లేని లోటూ వేరు.

అయితే నిద్ర, తిండి, చదువు నెలల తరబడి పట్టాలెక్కకపోతే, నాన్న దగ్గరికే వెళ్లిపోవాలని అనిపిస్తుంటే, అది ఓర్చుకుని దాటేసే విషయం కాదు. అప్పుడు సాయం అడగాలి. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ టెలిమానస్, నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. 2022లో మొదలైంది. నోటుబుక్కులో రాసుకోండి పిల్లలూ. పక్కవాళ్లవి చూడకుండా అందరూ రాయండి. ఎవరికి అవసరమో ఎవరికీ తెలియకుండా ఉంటుంది.

టీచర్లకి ఒక మనవి. పదో తరగతి పరీక్షలకి పిల్లల వివరాల జాబితా, అదే నామినల్ రోల్స్, నింపేటప్పుడు తండ్రి పేరు ముందు 'లేట్' అని రాయాలా అని పిల్లలు లేచి అడుగుతారు. నేనూ అడిగాను. క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది. ఆ వివరాలు ముందే ఒక్కొక్కరినీ విడిగా పిలిచి తీసుకోండి. ఐదు నిమిషాల పని.

మీటింగ్ అయ్యాక నేను భోజనం దాకా స్టాఫ్ రూములోనే ఉంటాను. అడగాలనుకున్నవాళ్లు రండి. ఊరికే కూర్చుందామనుకున్నా రండి. నమస్కారం.