చెట్లున్నాయి, మొక్కల్లేవు: పశువులు మేసే ఓక్ అడవిని చదవడం ఎలా?

[స్క్రీన్ మీద: ఎండిన గడ్డి మైదానం, దూరదూరంగా ఓక్ చెట్లు, నీడలో ఆవులు]

నమస్కారం అండీ. ఈ ఫొటోని ఒక్క నిమిషం చూడండి. స్పెయిన్‌కి నైరుతి మూలన ఉండే ఎక్స్‌ట్రెమదూరా ప్రాంతం ఇది. చూడగానే కళ్లు చెట్ల కొమ్మల మీదికే పోతాయి. అడవి సంగతి తెలిసినవాళ్లు మాత్రం మోకాళ్ల ఎత్తులో వెతుకుతారు. ఈ ఫొటోలో మోకాలి ఎత్తున గడ్డి ఉంది. నడుం ఎత్తున ఏమీ లేదు. తలెత్తితే మళ్లీ వందేళ్ల చెట్లే. మధ్యలో ఉండాల్సిన వయసు వాళ్లు ఎవరూ కనపడరు.

ఇలాంటి భూముల్ని స్పెయిన్‌లో దెఏసా అంటారు, పక్కనున్న పోర్చుగల్‌లో మోంటాడు. రెండు దేశాల్లో కలిపి ముప్పై లక్షల హెక్టార్లకు పైనే ఉంటాయి. ముఖ్యంగా రెండు రకాల ఓక్ చెట్లు. ఒకటి హోమ్ ఓక్, దీని కాయలు తినే ఇబేరియన్ పందులు బలుస్తాయి. రెండోది కార్క్ ఓక్, దీని బెరడుని సుమారు తొమ్మిదేళ్లకోసారి ఒలుస్తారు. మన గల్లీల్లో కార్క్ బాల్ అంటామే, ఆ కార్క్ ఈ జాతి చెట్టు బెరడే.

ఈ వీడియోలో ఇలాంటి పొలంలోకి దిగితే కొత్త చెట్లు ఎక్కడ ఆగిపోతున్నాయో ఎలా కనిపెట్టాలో, దానికి యజమాని ఏం మార్చుకోవచ్చో చూద్దాం.

ముందు ఒక చిన్న లెక్క. హెక్టారుకు, అంటే రెండున్నర ఎకరాలకు, 40 చెట్లున్నాయనుకోండి. చెట్టు 200 ఏళ్లు బతుకుతుందనుకుందాం. అయితే ఉన్న సంఖ్య తగ్గకుండా ఉండాలంటే ఆ హెక్టారులో ఎన్ని కొత్త చెట్లు రావాలి? ఐదేళ్లకు ఒకటి. అంతే! ఒక్కో చెట్టు ఏటా వందలు, వేలు కాయలు రాలుస్తుంటే, ఐదేళ్లకు ఒక్క మొక్క నిలదొక్కుకుంటే చాలు. ఆ ఒక్కటీ రావట్లేదు. అరవై ఏళ్లుగా రాలేదంటే ఆ హెక్టారు పన్నెండు చెట్లు బాకీ పడ్డట్టు. ముసలి చెట్లు నిలబడి ఉన్నంతకాలం ఈ బాకీ ఎవరికీ కనపడదు.

[స్క్రీన్ మీద: టేపు, నాలుగు కర్రలు, తాడు]

ఇప్పుడు పొలంలోకి దిగుదాం. 50 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పుతో ఒక పట్టీ కొలవండి. అది 200 చదరపు మీటర్లు, హెక్టారులో యాభయ్యో వంతు. కనిపించిన మొక్కల సంఖ్యని 50తో గుణిస్తే హెక్టారు లెక్క వస్తుంది. ఒక పట్టీతో సరిపెట్టకండి. చెట్ల కింద ఒకటి, బయట గడ్డిలో ఒకటి, పొదలున్నచోట ఒకటి తీసుకోండి. ఈ మూడింటి తేడాలోనే సగం కథ ఉంటుంది.

మొక్కల్ని మూడు రకాలుగా రాసుకోండి. ఒకటే సన్నటి కాడ, మొదట్లో కాయ డొప్ప ఇంకా అంటుకుని ఉంటే అది కొత్త మొలక. మొదలు లావుగా, పైన పొదలా గుబురుగా ఉంటే మేసేసిన మొక్క. పశువు నోటికి అందనంత ఎత్తుకి, సుమారు 2 మీటర్లు దాటి పెరిగి, కాండం ఇంకా సన్నగానే ఉంటే అది గండం గడిచిన మొక్క. చాలా పొలాల్లో ఈ మూడో గడిలో సున్నాలే పడతాయి. మొదటి గడిలో కూడా సున్నా పడితే చిక్కు కాయ దగ్గరే ఉంది. మొదటి గడి నిండుగా ఉండి రెండోది ఖాళీగా ఉంటే మొలకలు ఎండకి పోతున్నాయి. రెండోది నిండి మూడోది ఖాళీ అయితే మేత గొడవ.

కాయతో మొదలుపెడదాం. అక్టోబరు, నవంబరు నుంచి కాయలు రాలతాయి. గుప్పెడు ఏరి నీళ్లబకెట్‌లో వేయండి. తేలిన వాటిని పగలగొట్టి చూస్తే చాలావాటిలో గుజ్జు బదులు నల్లటి పొడి, ఒక తెల్ల పురుగు ఉంటాయి. కొన్నిటికి గుండ్రటి సన్న రంధ్రం కనిపిస్తుంది, పురుగు బయటికి పోయిన దారి అది. ముక్కుపురుగు పని ఇదంతా. ముందుగా రాలే కాయల్లో ఈ బెడద ఎక్కువ.

మునిగిన కాయ మంచిదే, కానీ గట్టి నేల మీద పడి ఉంటే ఆరిపోతుంది. ఆరిన ఓక్ కాయ మళ్లీ మొలవదు, వడ్లలాగా దాచుకునే విత్తనం కాదిది. దానికి ఆకుల చెత్తో, కాస్త మట్టో కప్పు కావాలి. అడవి ఎలుకలు, జే అనే పక్షి కాయల్ని తీసుకెళ్లి మట్టిలో దాచుకుంటాయి, కొన్నింటిని మర్చిపోతాయి. ఆ మర్చిపోయినవే మొలుస్తాయి. పొదలన్నీ నరికి శుభ్రంగా ఉంచిన పొలంలో ఎలుకకి దాక్కునే చోటు ఉండదు, జే పక్షి అటు రాదు. కాయ చెట్టు కిందే పడి ఉంటుంది, దాన్ని పంది తింటుంది.

పంది తినడం చూడాల్సిందే. కాయని నోట్లో వేసుకుని డొప్పని ఒలిచి పక్కన ఉమ్మేసి గుజ్జు మాత్రమే మింగుతుంది. రోజుకు ఆరు నుంచి పది కిలోలు లాగించేస్తుంది. స్పెయిన్ ప్రభుత్వం 2014లో తెచ్చిన నాణ్యతా నిబంధన ప్రకారం, కాయ తిని పెరిగిన పంది అని చెప్పుకోవాలంటే అది కనీసం 60 రోజులు అక్కడ తిరిగి 46 కిలోలు పెరగాలి. హెక్టారుకు గరిష్ఠంగా 1.25 పందులు, చెట్ల నీడ తక్కువున్నచోట ఇంకా తక్కువ. ఈ లెక్కంతా మాంసం కోసమే. మొలకలకి కాస్త కాయ మిగల్చాలన్న ఆలోచన ఇందులో ఎక్కడా కనపడదు. అయినా నన్నడిగితే పంది మీద పడే నింద కాస్త ఎక్కువే. అది చలికాలం అయ్యేసరికి వెళ్లిపోతుంది. ఏడాది పొడుగునా ఉండేది ఆవు.

[స్క్రీన్ మీద: మేసేసిన ఓక్ పొద, దగ్గరి నుంచి]

సరే, కాయ మొలిచింది. ఓక్ ముందు తల్లివేరుని కిందికి దింపుతుంది. చలికాలమంతా వేరు పనే, వసంతంలోగానీ చిగురు పైకి రాదు. ఎందుకంత తొందర అంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ దాదాపు వానే ఉండదు, ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ లోపల పదునున్న మట్టిదాకా వేరు చేరకపోతే మొలక పని అయిపోయినట్టే. చాలా మొలకలు ఈ మొదటి ఎండాకాలంలోనే పోతాయి. పొద నీడలో ఉన్నవి కొంత గట్టెక్కుతాయి. రెటామా అనే ఆకులు పెద్దగా లేని పొద ఉంది, పసుపు పూలు పూస్తుంది. దాని నీడ మొలకని కాస్తుంది, ముళ్లు లేకపోయినా పశువుల నుంచి కొంత మరుగునిస్తుంది. జిగురు ఆకుల హారా పొద వేరు. అది దట్టంగా కమ్ముకుంటే మొలకకి నీళ్లే మిగల్చదు, పైగా వేసవిలో నిప్పంటుకుంటే ఆరదు. అందుకే పొదలన్నీ ఉంచాలనీ చెప్పలేం, అన్నీ కొట్టేయాలనీ చెప్పలేం. ఏ పొదో చూసి, గుంపులు గుంపులుగా కొన్ని వదలాలి.

ఎండాకాలం గట్టెక్కిన మొక్కని ఈ క్లోజప్‌లో చూడండి. మోకాలి ఎత్తు కూడా లేదు. ఆకుల అంచులన్నీ ముళ్లు, వేలు పెడితే గుచ్చుకుంటాయి. అదే చెట్టు పెద్దదై కొమ్మలు పైకి పోయాక, అక్కడి ఆకుల అంచులు నున్నగా ఉంటాయి. మేసినకొద్దీ కొత్త పిలకలు వేస్తుంది, ఆవు వాటినీ కొరుకుతుంది. ఇలా ఏళ్ల తరబడి చావకుండా, పెరగకుండా ఉండిపోతుంది. చిన్నదిగా ఉందని కొత్త మొక్క అనుకోకండి, మొదలు దగ్గర మట్టి తీసి లావు చూడండి. నిజానికి ఇలాంటి పొదలుంటే శుభవార్త. వేరు సిద్ధంగా ఉంది కాబట్టి మేత ఆపగానే ఎగదన్నుకుని వస్తుంది. బలమైన ఒకటి రెండు పిలకలు ఉంచి మిగతావి కోసేస్తే ఇంకా త్వరగా చెట్టవుతుంది. కొత్తగా మొక్క నాటి నీళ్లు పోయడం కంటే ఇది ఎంతో చవక.

మరి ఒకప్పుడు పశువుల్లేవా? ఉన్నాయి, లక్షల గొర్రెలు. అయితే ఎండాకాలంలో అవి అక్కడుండేవి కావు. మన పాలమూరు కాపరులు మందలు తోలుకుని మేత ఉన్నచోటికి వలస పోయినట్టే, స్పెయిన్ కాపరులు వేసవి ముందు ఉత్తరాన లియోన్, సోరియా కొండలకి పోయి, చలికాలానికి తిరిగొచ్చేవాళ్లు. ఆ కాపరుల సంఘం మెస్తా, 1273లో పదో అల్ఫోన్సో రాజు గుర్తించాడు, 1836లో రద్దయింది. ఆ తర్వాత కూడా కాలినడకన, తర్వాత రైళ్లలో ఈ రాకపోకలు సాగాయి. ఇరవయ్యో శతాబ్దంలో బాగా తగ్గాయి. 1986లో స్పెయిన్, పోర్చుగల్ ఐరోపా కూటమిలో చేరాక తలకింత చొప్పున వచ్చిన సబ్సిడీలతో ఆవులు పెరిగాయి. గడ్డి ఎండిపోయిన జులైలో పొలంలో పచ్చగా కనపడేది ఓక్ మొక్క ఒక్కటే. అప్పుడు పశువు అక్కడుంటే ఏం తింటుంది చెప్పండి? మందని ఇప్పటికీ వేసవిలో కొండలకి తోలే పొలాల్లో ఓక్ మొక్కలు ఎక్కువ ఉన్నాయని పరిశోధకులు గమనించారు. తలల సంఖ్యతో పాటు ఏ నెలలో మేపుతున్నామన్నదీ అంతే ముఖ్యం.

అందరూ మందని కొండలకి తోలలేరు కదా. పొలాన్ని కంచెలతో ముక్కలు చేసి, వేసవి ముదరకముందే కొన్ని ముక్కల నుంచి పశువుల్ని తీసేయొచ్చు. కాయ బాగా కాసిన ఏడాది ఒక ముక్కని పందులకి ఇవ్వకుండా వదిలేయొచ్చు. ఆ ముక్కలో మొలకలు వచ్చాక ఆవుల్ని మళ్లీ రానిచ్చేది చాలా ఆలస్యంగా. ఓక్ నెమ్మదిగా పెరుగుతుంది, పదిహేను ఇరవై ఏళ్లు పట్టొచ్చు. అన్నేళ్లు మేత పోతుందంటే ఏ రైతుకైనా టెన్షనే. అంత ఓపిక లేనివాళ్లు పొలమంతా మూయనక్కర్లేదు, ఎంచుకున్న మొక్కల చుట్టూ ఇనప జాలీ బోను పెడతారు లేదా ముళ్లకంప కొడతారు. మన లెక్క గుర్తుందిగా, వంద హెక్టార్ల పొలానికి ఏడాదికి ఇరవై మొక్కలు గట్టెక్కితే చాలు. చచ్చేవి చావగా అంతకు కొన్ని రెట్లు కాపాడుకోవాలి.

నీళ్లతొట్టి, ఉప్పుగడ్డ, దాణా చెట్ల కింద పెట్టకండి. మంద మొత్తం అక్కడే నిలబడి నేల తొక్కి గట్టిపరిస్తే ఇక మొలకకి చోటుండదు.

దున్నకం గురించి ఒక మాట. పొదలు రాకుండా, ధాన్యం కోసం కొన్నేళ్లకోసారి దున్నే అలవాటు అక్కడుంది. ఒక్క చాలులో మొలకలన్నీ పోతాయి, పెద్ద చెట్ల పైవేళ్లూ తెగుతాయి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఫైటాఫ్తోరా సిన్నమోమి అనే వేరుకుళ్లు తెగులు తడిమట్టిలో బతుకుతుంది, ట్రాక్టరు చక్రాలకి అంటుకుని పక్క పొలానికి వెళ్తుంది. స్పెయిన్ వాళ్లు లా సేకా అనే చెట్ల చావుకి ఇదొక ప్రధాన కారణం. గుంపుగా చెట్లు ఎండుతున్న చోటుంటే ముందు వేరు, మట్టి ల్యాబ్‌కి పంపండి. తెగులు తేలితే అక్కడ దున్నకండి, ఓక్ మొక్కలు నాటకండి, అక్కడి మట్టి బయటికి పోకుండా చక్రాలు, బూట్లు కడగండి.

చివరగా మీరు వేసిన పట్టీల మూలల్లో కర్రలు అలాగే ఉంచండి. వసంతంలో ఒకసారి, మళ్లీ అక్టోబరులో అదే పట్టీల్లో లెక్కపెట్టండి. కొత్త మొలకల గడిలో వసంతం సంఖ్య ఎంత పెద్దగా ఉన్నా అక్టోబరు సంఖ్యనే నమ్మండి. రెంటికీ మధ్య మొలకలు ఎక్కువ పోయిన పట్టీలో, వచ్చే ఏడాది వేసవికి ముందే మందని తీసేయండి.