ట్యాపెట్ కవర్ బోల్ట్: ఎంత బిగిస్తే అంత కారుతుంది

[ఫ్రేమ్ నిండా ఇంజిన్ పక్కభాగం. నూనె, దుమ్ము కలిసి గట్టిపడిన నల్లటి పెచ్చు.]

ఈ పెచ్చు చూడండి. గోరుతో గీకితే ముదురు పాకం మాదిరి సాగుతా వస్తా ఉంది. పైన ట్యాపెట్ కవర్ అంచు నుంచి చుక్కలు చుక్కలుగా దిగి, ఒకటీ అరా సైలెన్సర్ మ్యానిఫోల్డ్ మీద పడి మాడుతోంది. పాత ఆరు చక్రాల లారీ. బంగారుపాళెం దాటి మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు క్యాబిన్ అంతా మాడు వాసనని ఓనరు చిత్తూరులో మా షెడ్డుకి తోలుకొచ్చినాడు. తోతాపురి మామిడికాయ గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే సీజను, బండి నిలబడితే ఆయనకు నష్టం.

"అన్నా, బోల్టులు లూజైనట్టుండాయి. గట్టిగా ఒక పట్టు పట్టిచ్చి పంపీ."

ఆ పట్టే కొంప ముంచింది సామీ. ముందు పనిచేసిన మనిషీ అదే పట్టు పట్టినాడు, ఆయనకు ముందు మనిషీ అదే.

[కవర్ పైనుంచి. బోల్టులన్నీ కనబడేలా.]

పుస్తకాల్లో వాల్వ్ కవర్ అని ఉంటుంది. హెడ్ బోల్టుల మాదిరి మంట ఒత్తిడిని పట్టి ఆపే పని దీనికి లేదు. లోపల వాల్వులను నొక్కే రాకర్ల మీద పడే నూనె బయటికి చిమ్మకుండా చట్టి మీద మూత, అంతే. అందుకే బోల్ట్ విప్పకముందే ఇంకోటి చూడాలి.

బ్రీదర్ పైపు. ఇది పూడుకుపోతే లోపలి గాలికి దారి లేక, కవర్ కింద ఎంత మంచి ప్యాకింగ్ పట్టీ వేసినా నూనెను తోసేస్తుంది. ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి, నూనె పోసే మూత తీయండి. గుప్పుగుప్పున పొగ తంతా ఉంటే పిస్టన్ రింగుల కథ వేరే ఉంది, బోల్టులతో తీరదు. ఈ బండికి పొగ లేదు. పైపు మూతి దగ్గర మాత్రం జిగురు పట్టింది, దాన్ని డీజిల్‌తో కడిగి శుభ్రం చేసినాను.

ఇంజిన్ బాగా చల్లారినాక, 13 నంబర్ స్పానరుతో బోల్టులు విప్పుదాం. ఇవి 8 ఎంఎం బోల్టులు.

[చేతిలో మూడు బోల్టులు, దగ్గరగా.]

మూడూ ఒకే కవర్‌వి. ఒకదాని తల మీద 8.8 అని ఉంది, అది బోల్ట్ బలం చెప్పే గ్రేడు. రెండోదాని మీద ఏమీ లేదు, దొరికింది వేసినారు. మూడోది మిగతావాటికన్నా అయిదారు ఎంఎం ఎక్కువ పొడుగు. అసలు దొంగ ఇదే. రంధ్రం అడుగు తాకి ఆగిపోతుంది. స్పానరుకేమో గట్టిగా బిగిసినట్టే అనిపిస్తుంది, కవర్ మాత్రం నొక్కుకోదు. పక్కవాటిని ఇంకా బిగిస్తారు.

కవర్ తిప్పి చూడండి. రేకు కవర్ ఇది. ప్రతి రంధ్రం చుట్టూ రేకు కిందికి గుంట పడింది. గుంట దగ్గర కార్క్ ప్యాకింగ్ నలిగి పొడైపోయింది, రెండు బోల్టుల మధ్య రేకు పైకి లేచింది. నూనె కారేది ఆ మధ్యలోనే. బిగించే కొద్దీ కారడం అంటే ఇదీ.

దీన్ని సరిచేయడానికి కొత్త కవర్ అక్కర్లేదు. కవర్‌ను వెల్లకిలా తిప్పి, అంచును చెక్క దిమ్మ మీద ఆనించి, ప్యాకింగ్ వైపు ఉబ్బిన చోట చిన్న సుత్తితో తడతా పోవాలి. కొట్టడం కాదు, తట్టడం. మధ్యమధ్యలో అద్దం ముక్క మీద పెట్టి చూసుకోండి, వెలుతురు దూరే సందు ఉండకూడదు.

ఇంక బోల్టులు. మెరుస్తా ఉంటాయని స్టెయిన్‌లెస్ వేయమంటారు. తల మీద ఏ2-70 అని ఉండే ఆ బోల్ట్ 8.8 కన్నా మెత్తన, మరల్లో పట్టేసుకునే గుణం కూడా ఉంది. వేస్తే మరలకు పట్టేయకుండా ఆపే యాంటీసీజ్ పేస్టు పూయండి. ఇంకొందరు ఇంకా బలమైన 10.9 గ్రేడు తెస్తారు. ఇక్కడ ఆ బలం ఏం చేసుకుంటారు? మనకు కావాల్సింది బలమైన బోల్ట్ కాదు, వెడల్పుగా నొక్కే బోల్ట్. ఫ్లాంజ్ తల బోల్ట్, లేదా మామూలు 8.8కి మందపాటి మడ్‌గార్డ్ వాషర్. స్ప్రింగ్ వాషర్ వద్దు, రేకును కొరికేస్తుంది.

నేను ఈ బండికి బోల్టుల బదులు స్టడ్లు, అంటే తల లేకుండా రెండు కొనలా మరలుండే కడ్డీలు, వేస్తా ఉన్నా. లారీకి వాల్వుల సందు సరిచేసే ట్యాపెట్ సెట్టింగ్ అప్పుడప్పుడు తప్పదు, దానికి కవర్ తీసినప్పుడల్లా హెడ్‌లోని మరలు అరుగుతాయి. స్టడ్ ఒకసారి దిగితే ఇంక అరిగేది నట్టే. పైగా ప్యాకింగ్ జారకుండా కూర్చుంటుంది. ఒక్క మాట, క్యాబిన్ కింద ఇంజిన్ ఉన్న బండ్లలో స్టడ్ పొడుగైతే కవర్ పైకి లేవదు. ముందే కొలుచుకోండి.

[గుడ్డలు కుక్కిన హెడ్, ట్యాప్ తిప్పుతున్న చేయి.]

హెడ్ రంధ్రాల్లో 8 ఎంఎం, 1.25 పిచ్ ట్యాప్, అంటే మరలను శుభ్రం చేసే పనిముట్టు, చేత్తో తిప్పండి. ట్యాప్‌కు గ్రీజు రాస్తే పొడి దానికే అంటుకుంటుంది. రాకర్లను తోసే పుష్‌రాడ్ల సందుల్లో పొడి పడకుండా గుడ్డ కుక్కడం మరవద్దు. రంధ్రంలో నూనె నిలిచి ఉంటే గాలి కొట్టి తీసేయండి. నూనె మీద స్టడ్ దింపితే అడుగుదాకా పోదు, బలవంతం చేస్తే పోత ఇనుము పగలొచ్చు. స్టడ్‌ను వేళ్లతోనే దింపాలి.

కొత్తలో నేను ఇట్లాంటి బోల్ట్ ఒకటి టీ రెంచితో తెంపినా. తల చేతిలోకొచ్చింది, మొండెం హెడ్‌లో మిగిలింది. దాన్ని డ్రిల్ చేసి తీసే లోపల పొద్దు గుంకింది.

ప్యాకింగ్‌కు సిలికాన్ గమ్ కవర్ వైపు మాత్రం, పల్చగా పూయండి. లోపలికి పిండుకొచ్చిన సిలికాన్ ముక్కలు ఊడి, ఇంజిన్ అడుగున నూనె నిలిచే సంప్‌లోని జాలీకి అడ్డం పడతాయి, అప్పుడు నూనె ప్రెషరే పోతుంది.

నట్లు మధ్యలో మొదలుపెట్టి, అటొకటి ఇటొకటి, చివర్లకు పోండి. మూడు విడతల్లో. 8.8 బోల్ట్ 25 న్యూటన్ మీటర్ల బిగింపు దాకా తట్టుకుంటుంది, కార్క్ తట్టుకోదు. మీ బండి పుస్తకంలో అంకె ఉంటే అదే చట్టం. లేకుంటే నేను 8 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపుతా. బిగింపు కొలిచే టార్క్ రెంచి లేకపోతే చిన్న స్పానర్ మొదట్లో పట్టుకుని, మణికట్టుతో మాత్రం బిగించండి. కార్క్ అంచు కొంచెం ఉబ్బితే చాలు.

[అంచు చుట్టూ తెల్లటి పౌడర్ చల్లుతున్న చేయి.]

ఇది ముఖానికి పూసుకునే పౌడరే. ఇంజిన్ అరగంట తిరగనిస్తే, నూనె ఎక్కడ చెమ్మగిల్లినా అక్కడ నల్ల మచ్చ పడుతుంది.

పడలేదు. ఓనరు మళ్లీ అడిగినాడు, "ఒక పట్టు వేద్దామా అన్నా?"

లోడు దింపి వచ్చినాక, ఇంజిన్ చల్లారినాక రమ్మన్నా. వచ్చినాడు. కార్క్ సర్దుకుని రెండు నట్లు మాత్రం పావు చుట్టు తిరిగినాయి.