ఐసు కన్వేయర్ మోటారు మళ్లీ కాలింది సార్

వ్యాఖ్యాత: విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర నుంచి ఒక శ్రోత లైన్లో ఉన్నారు. చెప్పండి, మీ మాట వినపడుతోంది.

శ్రోత: నమస్కారం మేడమ్, నమస్కారం సార్. మాది చిన్న ఐసు ఫ్యాక్టరీ. క్రషర్ నుంచి పొడి చేసిన ఐసు పంపే కన్వేయర్ బెల్టుకి 5 హెచ్‌పీ మోటారు ఉంది. స్పీడు తగ్గించుకోడానికి డ్రైవ్ పెట్టించాం. నాలుగు నెలల్లో రెండుసార్లు వైండింగ్ కాలిపోయింది. విప్పి చూస్తే మూడు ఫేజులూ బొగ్గులా నల్లగా ఉన్నాయి సార్. డ్రైవ్ తీసెయ్యమంటున్నాడు రివైండింగ్ ఆయన.

ఇంజనీరు: తొందరపడి తీసెయ్యకండి బాబూ. డ్రైవ్ స్పీడు మార్చేది హెర్ట్జ్ మార్చే, అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో మార్చే. ఎన్ని హెర్ట్జ్‌లో నడుపుతున్నారు?

శ్రోత: 12 సార్. తెల్లారగట్ల మూడింటికి వేస్తే పది దాకా ఆపం. మోటారు మీద చెయ్యి ఆనదు. అంత స్పీడు కూడా లేదు కదా, ఎందుకలా కాలిపోతుందో అర్థం కావట్లేదు.

ఇంజనీరు: స్పీడు లేకపోవడం వల్లే. మోటారు వెనక కవర్ లోపల ఫ్యాన్ ఉంది చూశారా, అది మోటారు షాఫ్ట్ మీదే ఉంటుంది. 4 పోల్ మోటారు, అంటే లోపల నాలుగు అయస్కాంత ధ్రువాలుండేది అయితే, 50 హెర్ట్జ్ దగ్గర నిమిషానికి 1,500 చుట్లకి కాస్త తక్కువ తిరుగుతుంది. 12 దగ్గర 360 కూడా రావు. ఫ్యానూ అంతే, ఇక గాలెక్కడిది? డ్రైవ్ హెర్ట్జ్‌తో పాటు వోల్టేజీని కూడా అదే లెక్కన తగ్గిస్తుంది. 50కి 415 వోల్టులు, 12కి సుమారు 100. అందుకే టార్క్, అంటే తిప్పే బలం, తగ్గదు. బెల్టు మీద ఐసు బరువు ఎప్పుడూ ఉన్నంతే కాబట్టి మోటారు లాగే ఆంపియర్లూ పెద్దగా మారవు. వేడి అంతే పుడుతోంది, బయటికి పోవట్లేదు. మీ డ్రైవ్ ఎంతది?

శ్రోత: ఏడున్నర హెచ్‌పీ సార్. పెద్దదైతే మంచిదన్నారు.

ఇంజనీరు: మోటారు నేమ్‌ప్లేట్ మీద ఎన్ని ఆంపియర్లు? డ్రైవ్‌లో మోటారు కరెంటు దగ్గర ఎంత పెట్టారు?

శ్రోత: ప్లేటు మీద 7.5. డ్రైవ్‌లో... 13 చూపిస్తోంది సార్.

ఇంజనీరు: చూశారా, కంపెనీ నుంచి వచ్చిన అంకె అలాగే ఉండిపోయింది. నాకు బాధేసేది ఇక్కడే. మోటారుని కాపాడే ఏర్పాటు ఆ డ్రైవ్‌లోనే ఉంది, మోటారు ఎంతదో దానికి ఎవరూ చెప్పలేదు. మీ మోటారు 9 ఆంపియర్లు లాగుతున్నా ఇంకా చాలా ఖాళీ ఉందనుకుని డ్రైవ్ ట్రిప్ అవ్వదు, మోటారుని ఆపదు. ఈరోజే 7.5 పెట్టించండి.

శ్రోత: స్టార్టింగ్‌లో ఐసు పట్టేస్తోందని మా ఎలక్ట్రీషియన్ బూస్ట్ కూడా, అదే తక్కువ స్పీడులో డ్రైవ్ ఇచ్చే అదనపు వోల్టేజీ, పెంచాడు సార్.

ఇంజనీరు: అదీ తగ్గించండి. బూస్ట్ ఎక్కువైతే తక్కువ స్పీడులో ఖాళీ బెల్టుకి కూడా మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఇక అసలు మందు. గేర్‌బాక్స్ ఎంత?

శ్రోత: పదికి ఒకటి సార్, మోటారు పది చుట్లు తిరిగితే బెల్టు షాఫ్ట్ ఒక చుట్టు.

ఇంజనీరు: నలభైకి ఒకటి వేయించండి. బెల్టు ఇప్పటి స్పీడులోనే వెళ్తుంది, మోటారు మాత్రం 48 హెర్ట్జ్‌లో తిరుగుతుంది. ఫ్యాన్ బాగా ఊదుతుంది. గేర్ నష్టం కలుపుకున్నా మోటారు ఇవ్వాల్సిన టార్క్ ఇప్పటిదానిలో మూడో వంతుకి దిగుతుంది. కొనేటప్పుడు అవుట్‌పుట్ షాఫ్ట్ ఎంత టార్క్ మోస్తుందో అడిగి తీసుకోండి. హార్బర్ గాలి కదా, ఫ్యాన్ కవర్ కన్నాల్లో ఉప్పూ తుప్పూ పేరుకుంటాయి, అవి కూడా గీకించండి.

శ్రోత: గేర్‌బాక్స్ రావడానికి వారం పడుతుంది సార్. రేపు బోట్లొస్తాయి.

ఇంజనీరు: అప్పటిదాకా బెల్టు మీద ఐసు పల్చగా వెయ్యండి, గంటకోసారి ఆపి మోటారుని చల్లారనివ్వండి. ఇంట్లో వాడే టేబుల్ ఫ్యాన్ మాత్రం ఆ తడిలో పెట్టొద్దు, షాక్ కొడుతుంది. ఇంకొకటి బాబూ, మీ ఎలక్ట్రీషియన్‌కి తప్పకుండా చెప్పండి. మెయిన్ ఆపేసినా డ్రైవ్ కెపాసిటర్లలో 500 వోల్టుల పైనే ఉంటుంది. పది నిమిషాలు ఆగి, మీటరుతో చూశాకే చెయ్యి పెట్టాలి. మెగ్గర్ కొట్టాలంటే, అంటే ఎక్కువ వోల్టేజీ ఇచ్చి వైండింగ్ ఇన్సులేషన్ పరీక్షించాలంటే, ముందు డ్రైవ్ నుంచి మోటారు వైర్లు విప్పాలి.

శ్రోత: మొన్న విప్పకుండానే కొట్టాడు సార్.

ఇంజనీరు: అయితే గేర్‌బాక్స్ కన్నా ముందు డ్రైవ్‌ని చూపించండి. దాని అవుట్‌పుట్ దెబ్బతిని ఉండొచ్చు.