కిలోమీటర్లు కాదు బాస్, ఎంత ఎత్తు ఎక్కావో చెప్పు! ఇంగ్లాండ్ కొండల్లో రన్నింగ్ అసలు లెక్క ఇదీ

నమస్తే అండీ, మళ్లీ మాంచెస్టర్ నుంచే, ఈరోజు ఇంట్రో గట్రా ఏం లేవు, డైరెక్ట్‌గా మ్యాటర్‌లోకి వెళ్లిపోదాం, ఎందుకంటే పోయిన వీడియో కింద మీరు చేసిన గొడవ మామూలుగా లేదు. నేనేమన్నాను? ఫ్లాట్ రోడ్డు మీద టెన్ కే 50 నిమిషాల్లో కొట్టేవాడు కూడా మాంచెస్టర్ పక్కనున్న పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లోకి వస్తే మొదటిరోజు బిగినరే అన్నాను. అంతే! "10 కిలోమీటర్లు ఎక్కడైనా 10 కిలోమీటర్లే బ్రో, ఊరికే భయపెట్టకు" అని ఒకాయన రాస్తే దానికి లైకులే లైకులు.

ఎక్కడైనా 10 కిలోమీటర్లేనా? సరే, తిరుపతి వెళ్దాం పదండి. శ్రీవారి మెట్టు దారి ఎంత? 2 కిలోమీటర్ల చిల్లర. మెట్లు 2388. అదే 2 కిలోమీటర్లు ట్యాంక్‌బండ్ మీద అయితే పన్నెండు నిమిషాల్లో జాగింగ్ చేసేసి కొబ్బరినీళ్లు తాగుతుంటారు, మరి శ్రీవారి మెట్టు పన్నెండు నిమిషాల్లో ఎక్కి చూపించండి! మా అమ్మమ్మ ఏనాడూ వాచీ పెట్టుకోలేదు, ఆవిడకి కూడా తెలుసు, "అలిపిరి దూరమైనా మెల్లగా పోవచ్చు, మెట్టు దారి దగ్గరే గానీ మోకాళ్లు పట్టేస్తాయి రా" అనేది. మన ఇళ్లల్లో ముసలోళ్లకి తెలిసిన విషయం చేతికి ఖరీదైన వాచీ పెట్టుకున్నాక మర్చిపోతున్నాం, అదీ నా బాధ.

కొండల్లో కిలోమీటర్ అనేది అబద్ధం. మళ్లీ చెప్తున్నా, అబద్ధం.

నాకెందుకింత కోపం అంటే, పోయిన అక్టోబర్‌లో మా ఫ్రెండ్ ఒకడు, టెన్ కే 48 నిమిషాలు, మంచి రన్నర్, ఏదో సైట్‌లో "ఈజీ, 12 కిలోమీటర్లు" అని చూసి నన్ను కూడా తీసుకెళ్లాడు. పీక్ డిస్ట్రిక్ట్‌లోని హోప్ స్టేషన్‌లో ట్రైన్ దిగి, లూజ్ హిల్ అనే కొండ ఎక్కి, ఆ కొండల గట్టు మీదే బ్యాక్ టార్, హాలిన్స్ క్రాస్ దాటుకుని మామ్ టార్ అనే ఇంకో కొండ దాకా వెళ్లి, అవతల ఈడేల్ ఊళ్లో దిగి ట్రైన్ ఎక్కాలి. లూజ్ హిల్ 476 మీటర్లు, స్టేషన్ నుంచి అటూఇటూగా 300 మీటర్లు నిలువునా ఎక్కాలి, వీడు ఆగకుండా పరిగెత్తుకుంటూ ఎక్కాడు, నేను నడిచా. పైన గాలి చెవుల్లో హోరెత్తిపోతోంది, వీడి ముఖం ఎర్రబడిపోయింది, తొడలు వణుకుతున్నాయి, నాకు కనపడుతోంది. బ్యాక్ టార్ దగ్గర దిగుడు చాలా నిటారుగా ఉంటుంది, మట్టీ రాళ్లూ కలిసి ఉంటాయి, ముందురోజు వాన, వీడి కాళ్లకేమో అరిగిపోయిన రోడ్ షూస్. రెండో అడుగుకే జర్రున జారాడు. అరచెయ్యి మొత్తం గీరుకుపోయి, చర్మంలో నల్లటి ఇసుకరాయి పలుకులు, నా బాటిల్ నీళ్లు పోస్తూ ఒక్కోటి గోటితో తీశా, మడమ దగ్గర ఉబ్బిపోయింది. హాలిన్స్ క్రాస్ నుంచి ఈడేల్‌కి నా భుజం మీద చెయ్యేసుకుని కుంటుకుంటూ దిగాడు. ఈజీ అంట! ఆ ఈజీ అని రాసినవాళ్లు ఒక్కసారైనా తడి నేలలో అక్కడ నిలబడ్డారా?

దిగుడులో ఎందుకు పడతారో తెలుసా? ఎక్కేటప్పుడు ఊపిరి పోతుంది, దిగేటప్పుడు తొడలు పోతాయి. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ బ్రేక్ వేస్తుంది, దాన్ని ఎక్కుడులోనే పిండేసి ఉంటే ఇక బ్రేకులు ఉండవు. అందుకే ఎక్కుడు నడవండి, చేతులు మోకాళ్ల మీద పెట్టి, చిన్న చిన్న అడుగులు వేస్తూ. నడిస్తే పరువు పోతుందనుకునేవాడు కొండకి రాకూడదు.

ఇప్పుడు లెక్క, ఇది నేను కనిపెట్టింది కాదు, 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పాడు. నడకలో 3 మైళ్లకి ఒక గంట, దాని మీద ఎక్కే ప్రతి 2000 అడుగులకి ఇంకో గంట. అంటే సుమారుగా 1 మీటరు పైకి ఎక్కడం 8 మీటర్లు చదునుగా నడిచినట్టు. మా వాడి రూట్ మొత్తం ఎక్కుడు ఓ 450 మీటర్లు ఉంటుంది, 8 పెట్టి గుణిస్తే 3600, అంటే 12 అనుకున్నది దాదాపు 16 కిలోమీటర్లు! దిగుడు దెబ్బ ఇంకా అందులో లేదు. మ్యాప్‌లో ఎత్తు చూపించే ఆ గోధుమరంగు గీతలు ఒకదానికొకటి అతుక్కున్నట్టు ఉన్నాయంటే అక్కడ నిట్టనిలువు అని అర్థం, ముందు ఆ గీతలు చూడండి, కిలోమీటర్లు తర్వాత.

సరే, ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో ఆ రూట్లు చెప్తా. పార్క్‌లో 5 కే ఆగకుండా చేస్తున్నారా, అయితే బేక్‌వెల్ దగ్గర మాన్సల్ ట్రెయిల్‌కి వెళ్లండి, కొండల మధ్యలో ఉన్నా దాదాపు చదును, ఎందుకంటే అది పాత రైలు పట్టాల దారి, రైలు నిటారుగా ఎక్కలేదు కదా. 1968లో రైళ్లు ఆగిపోయాయి, 2011లో సొరంగాలు తెరిచారు, లోపల లైట్లు ఉంటాయి, ఎండాకాలంలో కూడా లోపలికి వెళ్లగానే ఫ్రిజ్ తలుపు తీసినట్టు చల్లగా కొడుతుంది. మొత్తం 8.5 మైళ్లు, ఓపికున్నంత వెళ్లి వెనక్కి రండి. అక్కడ ఇబ్బంది లేకపోతే మామ్ నిక్ కార్ పార్క్ నుంచి మామ్ టార్, ఎక్కేది ఓ వంద మీటర్లే, రాతి పలకలు పరిచి ఉంటాయి, గట్టు మీద హాలిన్స్ క్రాస్ దాకా వెళ్లి తిరిగొచ్చేయండి, తడిగా ఉంటే ఆ పలకలు సబ్బులా ఉంటాయి జాగ్రత్త. అది రెండు మూడుసార్లు అయ్యాకే మా వాడు చేసిన పూర్తి గట్టు.

ఇక కిండర్ స్కౌట్, 636 మీటర్లు, ఈడేల్ నుంచి జేకబ్స్ లాడర్ రాతి మెట్ల మీదుగా ఎక్కితే దాదాపు 400 మీటర్ల ఎక్కుడు. పైన నల్లటి బురద, పొగమంచు కమ్మితే పది అడుగుల అవతల ఏముందో తెలీదు. మ్యాప్, దిక్సూచి, వాన కోటు, విజిల్ లేకుండా వెళ్లొద్దు, ఏదైనా అయితే 999 కొట్టి పోలీస్ అడిగి మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పండి. అన్నట్టు ఈ కొండ మీదకి ఒకప్పుడు మామూలు జనాన్ని రానిచ్చేవాళ్లు కాదు తెలుసా, దొరల వేట కోసం ఉంచుకున్నారు, 1932 ఏప్రిల్ 24న ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్లు వందలమంది కావాలనే దూరారు, ఐదుగురు జైలుకెళ్లారు. ఇవాళ నేను టికెట్ కూడా లేకుండా అక్కడ పరిగెడుతున్నానంటే ఆ కుర్రాళ్ల పుణ్యమే, ఎక్కిన ప్రతిసారీ గుర్తొస్తుంది నాకు.

అదే 1932 జూన్‌లో ఇంగ్లాండ్‌లోనే ఇంకో కొండ ప్రాంతం లేక్ డిస్ట్రిక్ట్‌లో కెజిక్ ఊళ్లో గెస్ట్‌హౌస్ నడిపే బాబ్ గ్రాహమ్ 24 గంటల్లోపు 42 శిఖరాలు తిరిగొచ్చాడు. ఇప్పటికీ కొండ రన్నర్లకి అదే పెద్ద పరీక్ష, 66 మైళ్లు, 27,000 అడుగుల ఎక్కుడు. ఇప్పుడు లెక్కెయ్యండి, 106 కిలోమీటర్లు 24 గంటల్లో అంటే కిలోమీటరుకి పదమూడున్నర నిమిషాలు! మీ యాప్ దాన్ని వాకింగ్ అంటుంది. ఇంగ్లాండ్‌లో కాకలు తీరిన రన్నర్లు ఏడాదంతా ప్రాక్టీస్ చేసి, ఎక్కుళ్లు నడిచి మరీ సాధించేదాన్ని వాకింగ్ అంటుంది! ఇంకా 10 కిలోమీటర్లు ఎక్కడైనా 10 కిలోమీటర్లేనా?

మా వాడి కాలు తగ్గిపోయింది, మొన్న ఆదివారం మామ్ నిక్ నుంచి మళ్లీ మొదలుపెట్టాడు, గట్టి పళ్లున్న షూస్ కొన్నాడు, ఎక్కుడు మొత్తం నడిచాడు. మీరు ఈ వారం ఎక్కడికి వెళ్తున్నారో కింద కామెంట్‌లో రాయండి, ఎంత ఎత్తు ఎక్కుతున్నారో మీటర్లలో రాయండి, ఒట్టి కిలోమీటర్లు రాస్తే మాత్రం నేను రిప్లై ఇవ్వను.