టెండర్ కన్నా ముందు అడగాలి: నగర పర్యావరణ సలహా మండలి గురించి కొన్ని మాటలు

అందరికీ నమస్కారం. ఈ సభ పెట్టిన కాలనీ సంఘాలవారికి, పనిదినం పోగొట్టుకుని వచ్చిన బస్తీ కమిటీలవాళ్లకు, వెనక వరసల్లో సర్దుకుని కూర్చున్న, ఇంటింటి చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటో డ్రైవర్లకు కూడా. ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, ఇటు రండి. ఇవాళ మాట్లాడేదాంట్లో మీ వాటా పెద్దదే.

హైదరాబాద్ నగరపాలక సంస్థకు పర్యావరణ సలహా మండలి అంటూ ఉంటే అది ఎలా ఉండాలో చెప్పమన్నారు నన్ను. మునిసిపల్ ఇంజినీరింగ్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఫైలుకు అవతలి పక్క చాలాకాలం కూర్చున్నాను. కాబట్టి డొంకతిరుగుడు లేకుండా చెప్తాను. హైదరాబాద్‌లో కమిటీలకు కరువేం లేదు. వాటిని ఏ వేళకు పిలుస్తున్నారన్నదే అసలు సంగతి. డిజైన్ అయిపోయి, టెండర్ ఖరారై, కాంట్రాక్టరు కంకర దింపాక ఒక సమావేశం పెట్టి, సమోసా, చాయ్ ఇచ్చి, 'పెద్దల సలహాలు స్వీకరించడమైనది' అని మినిట్స్‌లో రాసుకుంటే అది పెళ్లయ్యాక జాతకాలు చూడటమే.

ఒక పని ఎలా పుడుతుందో మీలో చాలామందికి తెలియకపోవచ్చు. వార్డులో ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు, వెళ్లి కొలతలు తీసి అంచనా వేస్తాడు. అది డిప్యూటీ, ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్లను దాటి పైకి పోతుంది. పరిపాలనా మంజూరు వస్తుంది, సాంకేతిక మంజూరు వస్తుంది, టెండర్ పిలుస్తారు, అగ్రిమెంటు అవుతుంది. మంజూరు వచ్చాక ఎవరైనా పెద్దమనిషి వచ్చి "ఈ గోడ రెండు మీటర్లు వెనక్కి జరపండి" అన్నాడనుకోండి. మాట న్యాయమైనదే కావచ్చు. కానీ ఆ రెండు మీటర్ల కోసం అంచనా మళ్లీ వేయాలి, మళ్లీ మంజూరు తేవాలి, రేపు ఆడిట్‌వాళ్లు అడిగితే జవాబు చెప్పుకోవాలి. ఏ ఇంజినీరూ దానికి ఇష్టపడడు. చెడ్డవాడై కాదు, ఉద్యోగం అలాంటిది. అదే మాట ఏఈ టేపు పట్టుకుని నిలబడ్డ రోజు చెప్తే పెన్సిల్ గీత చెరిపి ఇంకో గీత గీస్తాడు, అంతే. పైసా ఖర్చు లేదు. సలహా మండలి బతికేదీ, చచ్చేదీ ఈ రెండు రోజుల మధ్యే.

చట్టం లేదా అంటే, బోలెడుంది. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్‌లో పట్టణాల బాధ్యతలు 18 ఉన్నాయి. పర్యావరణ పరిరక్షణ అందులో ఎనిమిదోది. వార్డు కమిటీల మాట 243ఎస్ అధికరణంలో ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలంటుంది. ఇదే ఊళ్లో 2012 అక్టోబర్‌లో జీవవైవిధ్యం మీద ప్రపంచ దేశాల సదస్సు కూడా జరిగింది. ఇక 2020లో మన నగరపాలక సంస్థ, అదే జీహెచ్‌ఎంసీ, చట్టాన్ని సవరించి ప్రతి వార్డుకూ నాలుగు రకాల కమిటీలు పెట్టమన్నారు. యువతకు ఒకటి, మహిళలకు ఒకటి, వయోధికులకు ఒకటి, ప్రముఖులకు ఒకటి. ఒక్కోదాంట్లో 25 మంది. అప్పటి 150 వార్డులకు లెక్కేస్తే 15 వేల మంది సలహాదారులు! ఈ హాల్లో ఎవరైనా అలాంటి కమిటీ సమావేశానికి వెళ్లినవాళ్లుంటే చేయెత్తండి.

సరే.

సమాచార హక్కు చట్టాన్ని మనం దరఖాస్తు పెట్టడానికే వాడుతున్నాం. అందులో నాలుగో సెక్షన్ చదవండి. ముఖ్యమైన విధానాలు తయారుచేస్తున్నప్పుడే సంబంధిత వివరాలన్నీ ప్రభుత్వం తనంతట తాను బయటపెట్టాలని ఉంది. తీసుకున్న నిర్ణయానికి కారణాలేమిటో ఆ నిర్ణయం తగిలేవాళ్లకు చెప్పాలని కూడా ఉంది. నేను ఇవాళ అడుగుతున్న మండలికి పునాది ఈ రెండు వాక్యాలే. కొత్తగా ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు చెరువుల దగ్గరికి వద్దాం. ఎక్కువసేపు ఇక్కడే ఉంటాను, నాకు తెలిసిన విద్య ఇది కాబట్టి.

మన ఊరి చెరువులు విడివిడిగా తవ్వినవి కావు. గొలుసుకట్టు. పైచెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కిందిచెరువుకు, అక్కణ్ణుంచి ఇంకో చెరువుకు, చివరికి మూసీకి. మధ్యలో ఆ నీళ్లు నడిచే దారినే ఇవాళ నాలా అంటున్నాం. మురికి కాలువ అనుకుని ముక్కు మూసుకుంటున్నాం. 1908 సెప్టెంబర్ 28న మూసీ వచ్చినప్పుడు ఎగువన 200కు పైగా చెరువులు తెగాయి. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించారు, 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ కట్టుకున్నాం. సరిగ్గా అదే పాఠం 2020 అక్టోబర్‌లో మళ్లీ చెప్పించుకున్నాం. ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన. గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి బెంగళూరు హైవే మీదికి వచ్చింది. పల్లె చెరువు, గుర్రం చెరువు తెగి పాతబస్తీ దిగువ కాలనీల్లో మనుషులు కొట్టుకుపోయారు. మీలో ఆ రాత్రులు మేడ మీద గడిపినవాళ్లున్నారు, నేను వర్ణించక్కర్లేదు.

చెరువు దగ్గర మూడు వస్తువులుంటాయి. కట్ట, నీళ్లు కిందికి వదిలే తూము, నిండాక నీళ్లు పొర్లిపోయే అలుగు (మత్తడి అన్నా ఇదే). సుందరీకరణ పేరుతో మనం కట్ట మీద డబ్బు పెడతాం. వాకింగ్ ట్రాక్, రెయిలింగ్, రంగుల లైట్లు, ఓపెన్ జిమ్. ఫొటోలో పడేది అదే కదా. తూము సంగతి ఎవరూ అడగరు. ఆయకట్టంతా ప్లాట్లయ్యాక తూము ఎందుకని మూసేశారు. అలుగు మట్టం మీదే ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు, ఆధారపడి ఉంటుంది. అలుగు ఒక అడుగు దించితే కాగితం మీద చెరువు కుంచించుకుపోయి ఒడ్డున భూమి తేలుతుంది. ఒక అడుగు లేపితే ఎగువ కాలనీ మునుగుతుంది. ఈ ఒక్క అడుగు వెనక ఎన్ని కోట్ల బేరం ఉంటుందో నేను చెప్పాలా? నేను చూసిన ఒక చెరువు పనిలో ట్రాక్ అందంగా వంపు తిరగాలని అలుగును సగానికి ఇరుకు చేశారు. అక్కడ చేపలు పట్టే ముసలాయన "సారూ, నీళ్లు ఎటు పోవాలె?" అని అడిగాడు. ఆ అడిగిన రోజుకు బిల్లు సగం చెల్లింపు అయిపోయింది. ఆయన అంచనా వేసే నాడే మా బల్ల దగ్గర కూర్చుని ఉండాల్సినవాడు. ఊళ్లలో చెరువు నీళ్లు పంచే నీరటికాడి మాట వినే ఎవరైనా తూము ఎత్తేవాళ్లు. పట్నం వచ్చేసరికి ఆ కుర్చీ ఒకటి తీసేశాం.

ఇంకో సంగతి. నగరంలో చెరువులు మే నెలలో కూడా నిండే ఉంటాయి. చూసి సంతోషపడకండి, ఆ నిండింది మురుగునీళ్లు. తూము పనిచేయదు కాబట్టి దించలేం. జూన్‌లో వాన పడితే పట్టుకోవడానికి చెరువులో చోటే ఉండదు. అందుకే మండలి ఏటా ఏప్రిల్‌లో ఒకే ప్రశ్న వేసినా చాలు: మా గొలుసులో ఏ చెరువు ఎంత ఖాళీగా ఉంది? దీనికి జవాబు రాయాలంటే ఒక ఇంజినీరు చెరువు దగ్గరికి పోక తప్పదు. నాకు కావలసింది అదే.

చెరువుల, నాలాల బఫర్ (చుట్టూ ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా) విషయంలో నియమం స్పష్టంగానే ఉంది. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ అవతల 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు; పది మీటర్లు దాటిన నాలాకు 9 మీటర్లు, సన్నవాటికి 2 మీటర్లు. 2012 భవన నియమాల్లోనే ఉంది ఇది. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా వచ్చి కూలగొట్టడం మొదలుపెట్టాక అందరికీ ఎఫ్‌టీఎల్ అన్న మాట నోటికొచ్చింది. అంబర్‌పేట బతుకమ్మ కుంటను మళ్లీ తవ్వి నీళ్లు చూపించిన మాట నిజమే, మెచ్చుకుంటాను. కానీ అనుమతి ఇచ్చినవాడు పెన్షన్ తీసుకుంటుంటే, అప్పుచేసి ఇల్లు కొన్నవాడు బుల్డోజరు ముందు నిలబడటం నాకు న్యాయంగా తోచదు. అనుమతి ఫైలు మీద మొదటి సంతకం పడకముందే ఆ చెరువు పటం జనం గోడ మీద ఉండి ఉంటే ఈ గొడవ సగం ఉండేది కాదు.

అందుకే మండలిని వార్డు హద్దులతో గీయొద్దంటాను. నీళ్లకు కార్పొరేటర్ ఎవరో తెలియదు. ఎగువ కాలనీవాళ్లు తమ నాలాను కాంక్రీటు బాక్స్ చేయించుకుని నీళ్లను పరిగెత్తిస్తారు, అవి దిగువ బస్తీలో ఇళ్లలోకి దూరతాయి. ఇద్దరూ ఎప్పుడూ ఒక గదిలో కలుసుకోరు. 2021లో 985 కోట్లతో నాలాల అభివృద్ధి కార్యక్రమం మొదలైంది, వెడల్పు చేయడం అవసరమే. ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది మాత్రం నాలా పొడవునా ఉన్నవాళ్లు కలిసి కూర్చుని తేల్చాల్సిన మాట. ఒక గొలుసుకు ఒక మండలి. హద్దులు మళ్లీ మళ్లీ మారుతున్న ఊళ్లో వాలు ఒక్కటే మారదు.

చెట్ల గురించి తొందరగా చెప్తాను. హరిత బడ్జెట్ పది శాతం అని చట్టంలోనే రాసుకున్నాం. 2022లో దక్షిణ కొరియాలో మన ఊరికి ప్రపంచ హరిత నగర పురస్కారం కూడా వచ్చింది, మంచిదే. అయితే అదే 2022లో కోనోకార్పస్ అనే విదేశీ మొక్కను నాటడం ఆపమని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. తొందరగా పెరుగుతుంది, మేక ముట్టదు, నీళ్లు పోయకపోయినా బతుకుతుంది. నర్సరీకి ఇంతకన్నా ఏం కావాలి? మేకే ముట్టని చెట్టు మనకెందుకని మొక్కలు కొనేముందు ఎవరూ అడగలేదు. వేప, కానుగ, నేరేడు, రావి మన నేలకు కొత్తవి కావు. చేవెళ్ల దారిలో తొమ్మిది వందల దాకా మర్రిచెట్లున్నాయి. రోడ్డు పటం గీశాక వాటి సంగతి గుర్తొచ్చింది. జనం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లారు, రోడ్డు విస్తరణ ఏళ్ల తరబడి ఆగింది. కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టే యంత్రాలు దిగాక 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపమనాల్సి వచ్చింది. 'పర్యావరణం అభివృద్ధికి అడ్డం' అంటారు చూశారూ, ఆలస్యంగా అడగడమే అడ్డం.

ఇక చెత్త. మండలిలో ఎవరుండాలన్న ప్రశ్న ఇక్కడ తేలుతుంది. మన ఇళ్ల చెత్త ఎక్కువగా చేరేది జవహర్‌నగర్‌కు. చాలా ఏళ్లు ఆ యార్డు నగరపాలక సంస్థ హద్దుకు అవతల ఉంది. అంటే వాసన పీల్చినవాళ్లకు, బోరులో రంగుమారిన నీళ్లు తోడుకున్నవాళ్లకు, ఆ చెత్త వేసిన నగరంలో అన్నేళ్లూ ఓటే లేదు. మండలిలో మొదటి కుర్చీ వాళ్లకు వేయమంటాను. రెండోది స్వచ్ఛ ఆటో నడిపేవాళ్లకు. ఏ అపార్టుమెంటు తడి, పొడి కలిపి ఇస్తోందో కమిషనర్‌కు తెలియదు, వీళ్లకు తెలుసు. ఐదు వేల చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు తమ తడిచెత్తను వీలైనంతవరకు లోపలే ఎరువు చేసుకోవాలని 2016 నిబంధనల్లోనే ఉండేది. ఈ హాల్లో ఉన్న గేటెడ్ కమ్యూనిటీల పెద్దలను నేనిప్పుడు చేయెత్తమని అడగను, స్నేహం చెడుతుంది.

ఎండ గురించీ ఇదే మాట. రాష్ట్రం 2023లో కూల్ రూఫ్, అంటే ఎండను తిప్పికొట్టే పైకప్పుల, విధానం తెచ్చింది. 600 గజాలు, ఆపైన ఉన్న ఇళ్లకు తప్పనిసరి, చిన్నవాటికి ఇష్టమైతేనే. 600 గజాల ఇంట్లో ఏసీ ఉంటుంది. మే నెల మధ్యాహ్నం ఉడికిపోయేది రేకుల ఇంట్లోవాళ్లు. ఆ విధానం రాసే బల్ల దగ్గర రేకుల కింద కాపురం చేసే ఆడమనిషి ఒకరున్నా వరస తిరగబడేది.

ఈ మండలికి వీటో అధికారం ఇవ్వాలంటారు కొందరు మిత్రులు. నేను వద్దంటాను. నిర్ణయం ఎన్నికైన కౌన్సిల్‌దే కావాలి, రేపు ఓటుతో దించగలిగేది వాళ్లనే. నాకు కావలసింది రాతపూర్వక జవాబు. అంచనా దశలోనే ఫైలు మండలికి రావాలి. మండలి సలహా రాయాలి. సలహా తీసుకున్నారా, లేదా, లేకపోతే ఎందుకు లేదు అన్నది ముప్పై రోజుల్లో అధికారి సంతకంతో తిరిగి రావాలి. మినిట్స్ తెలుగులో, ఉర్దూలో వార్డు ఆఫీసు గోడ మీద పడాలి. బిల్డర్లు, కాంట్రాక్టర్లు సభ్యులుగా ఉండొచ్చు, కానీ తమ భూమి ఎక్కడుందో ముందు రాసిచ్చి, ఆ విషయం వచ్చినప్పుడు బయటికి వెళ్లాలి. రాసి కాదనడం అధికారికి కష్టం. నోటితో కాదనడం ఎంత సులువో నాకు బాగా తెలుసు.

ప్రభుత్వం మండలి పెట్టేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. తలుపు దగ్గర బల్ల మీద దరఖాస్తు నమూనా పెట్టాను, రెండు భాషల్లో. అందులో పూర్తయిన పనుల లెక్క అడగలేదు. మీ వార్డులో ప్రస్తుతం అంచనా దశలో ఉన్న పనుల జాబితా, ప్రతి పనికీ స్థలం గుర్తించిన పటం, ఈ రెండే అడిగాను. సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో ఇవ్వండి. ఒక్కరు కాదు, ఒకే నాలా మీదున్న నాలుగైదు కాలనీలు, బస్తీలు ఒకే వారంలో ఇవ్వండి. జాబితా చేతికొచ్చాక మీలో ఎగువ ఎవరు, దిగువ ఎవరు తేల్చుకుని, అలుగు దగ్గర మొదలుపెట్టి కిందిచెరువు దాకా కలిసి నడవండి. ఏఈని కూడా రమ్మనండి, వస్తాడు. టేపు తెచ్చుకోమని చెప్పండి. బడ్జెట్ ముసాయిదా చలికాలంలోనే తయారవుతుంది కాబట్టి దసరా దాటేలోపు ఈ నడక అయిపోవాలి.

ఇక మీ ప్రశ్నలు. మైకు ఒకటే ఉంది, ముందు దిగువ బస్తీలవాళ్లకు ఇవ్వండి.