ప్లకార్డు మీద ఏం రాసుంది? బడిలో పిల్లలు నడిపే ప్రాజెక్టుల లోపలి సంగతి

[తెర నల్లగా ఉంటుంది. కుళాయి కారుతున్న చప్పుడు: టప్... టప్... టప్...]

వింటున్నారుగా, సెకనుకో చుక్క. నాలుగు చుక్కలు కలిస్తే ఒక మిల్లీలీటరు అనుకుందాం. రోజుకు 86,400 సెకన్లు. అంటే ఈ ఒక్క కుళాయి రోజుకు 21 లీటర్లకు పైగా వదిలేస్తోంది. ఏడాది లెక్క వేస్తే 7,800 లీటర్లు దాటుతుంది.

మీ బడిలో ఇలా కారే కుళాయిలు ఎన్ని? హెడ్‌మాస్టర్ గారిని అడిగితే వెంటనే చెప్పలేకపోవచ్చు. ఆరో తరగతి పిల్లల్ని అడగండి, వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతారు. రోజూ అక్కడ చేతులు కడుక్కునేదీ, నీళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు చల్లుకునేదీ వాళ్లే మరి.

[టైటిల్ కార్డు. తర్వాత వ్యాఖ్యాత కెమెరా ముందు.]

ఇవాళ మాట్లాడుకునేది బడుల్లో పిల్లలే నడిపే పర్యావరణ, సేవా ప్రాజెక్టుల గురించి. పేచీ అంతా ఆ "పిల్లలే నడిపే" అన్న మాట దగ్గరే ఉంది.

నా సంగతే చెప్తాను. నేను చదువుకునే రోజుల్లో ఒక పర్యావరణ ర్యాలీకి మమ్మల్ని వరసలో నిలబెట్టి తీసుకెళ్లారు. తలా ఒక ప్లకార్డు ఇచ్చారు. గంటన్నర ఎండలో మోశాను. దాని మీద ఏం రాసుందో నాకిప్పటికీ తెలీదు. అక్షరాలు అటువైపు ఉన్నాయి కదా!

[యానిమేషన్: ఎనిమిది మెట్ల నిచ్చెన.]

ఇలాంటివాటికి పేర్లున్నాయి. 1992లో యూనిసెఫ్ కోసం రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా గీసి చూపించాడు. కింది మూడు మెట్లనూ ఆయన అసలు భాగస్వామ్యం కిందే లెక్కవేయలేదు. ఒకటోది, పెద్దల మాటలు పిల్లల నోట పలికించడం. రెండోది అలంకారం, అంటే పిల్లల్ని తోరణాల్లా కట్టడం. నా ప్లకార్డు ఈ రెండు మెట్ల మధ్యే ఎక్కడో ఉంది. మూడోది, నామమాత్రంగా ఒకరిద్దరిని వేదిక ఎక్కించి, ఏం మాట్లాడాలో నిజంగా వాళ్ల చేతిలో పెట్టకపోవడం.

నాలుగో మెట్టు నుంచి అసలు భాగస్వామ్యం మొదలవుతుంది. ఇక్కడ పని పెద్దలే అప్పగించినా, ఎందుకు చేస్తున్నామో పిల్లలకు తెలుస్తుంది. అక్కణ్నుంచి పైకి పోతే, అన్నిటికన్నా పైనున్న ఎనిమిదో మెట్టు మీద ఏముంటుందనుకుంటున్నారు? పెద్దల్ని గేటు బయటకు పంపేసి పిల్లలే అంతా చేసుకోవడం అనుకుంటారు చాలామంది. అది ఏడో మెట్టు. ఎనిమిదో మెట్టు మీద పని మొదలుపెట్టేది పిల్లలు, నిర్ణయాలు మాత్రం పెద్దలతో కలిసి తీసుకుంటారు. నాకు ఈ తేడా చాలా నచ్చింది. టీచర్ తప్పుకుంటే అది పిల్లల ప్రాజెక్టు అయిపోదు. పెత్తనం మానేసి పక్కన కూర్చోవాలి, అదే కష్టమైన పని.

హార్ట్ ఇంకో మాట కూడా చెప్పాడు, ప్రతి పనీ పై మెట్టు మీదే జరగాలని లేదు. నిజమే. కరెంటు బోర్డు విప్పే పని ఎవరు మొదలుపెట్టాలో పిల్లలతో చర్చించక్కర్లేదు.

[దృశ్యం: పిల్లల చేతిలో నోటుపుస్తకం, కొలపాత్ర, చిన్న తూకం.]

ఇప్పుడు పనిలోకి వద్దాం. ప్రాజెక్టు ఎక్కడ మొదలవ్వాలి? పోస్టర్ దగ్గర మాత్రం కాదు. ఎకో స్కూల్స్ అని ఒక అంతర్జాతీయ కార్యక్రమం ఉంది. 1992లో బ్రెజిల్‌లోని రియోలో పర్యావరణం మీద జరిగిన భూ సదస్సు తర్వాత, 1994లో యూరప్‌లో మొదలై చాలా దేశాలకు పాకింది. దాని పద్ధతిలో ఏడు అంచెలున్నాయి. అన్నీ చెప్పను, మొదటి మూడింటి వరస చూడండి చాలు. ముందు పిల్లలున్న కమిటీ. తర్వాత బడి మొత్తం తిరిగి పరిశీలన. ఆ తర్వాతే ప్రణాళిక. మన దగ్గర చాలాసార్లు ఇది తిరగబడుతుంది. ముందు ప్రణాళిక, వెంటనే ఫొటో, పరిశీలన ఎప్పటికీ రాదు.

కొలవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. కారే కుళాయి కింద కొలపాత్ర పెట్టి పది నిమిషాలు ఆగండి, వచ్చిన నీళ్లను 144తో హెచ్చవేయండి, రోజు లెక్క వచ్చేస్తుంది. లెక్కల పీరియడ్ కూడా గడిచిపోతుంది.

చెత్త తూకం మాత్రం కాస్త తెలివిగా వేయాలి. భోజనాల తర్వాత మిగిలినది ఒక డబ్బాలో, కాగితం ఒక డబ్బాలో, ప్లాస్టిక్ ఒక డబ్బాలో వేయించి వారం రోజులు తూచారనుకోండి. అవగాహన కార్యక్రమం పెట్టి, నెల తర్వాత మళ్లీ తూచారు. సగానికి తగ్గింది! చప్పట్లు! తీరా చూస్తే అది పరీక్షల వారం, సగం తరగతులు మధ్యాహ్నానికే ఇళ్లకెళ్లిపోయాయి. అందుకే ఆ రోజు ఎంతమంది బడికొచ్చారో పక్కన రాసి, తలకెంత పడుతుందో తీయాలి. వాన పడిన రోజు తడిసిన కాగితం బరువెక్కుతుంది, అదీ రాసుకోవాలి. ఈ చిన్న చిన్న సంగతులే సైన్స్. పాఠంలో చెబితే పిల్లలకు నిద్రొస్తుంది. ఇక్కడైతే "నీ డబ్బాలో వాన నీళ్లున్నాయి" అని వాళ్లలో వాళ్లే వాదించుకుంటారు.

[దృశ్యం: మొక్క నాటుతున్న చేతులు. ఫొటో క్లిక్ మన్న చప్పుడు. తెర ఆగిపోతుంది.]

మొక్కల గురించి రెండే ప్రశ్నలు. పెద్ద సెలవుల్లో నీళ్లు ఎవరు పోస్తారు? నాటేటప్పుడు పైకి చూశారా, కరెంటు తీగలున్నాయా? ఈ రెండింటికీ జవాబు లేకపోతే ఫొటోగ్రాఫర్‌ని పిలవకండి. ఎన్ని నాటారని కాకుండా, ఏడాది తర్వాత ఎన్ని బతికున్నాయని లెక్కపెట్టమనండి. నాటింది వందైతే ఆ లెక్క వందకన్నా తక్కువే వస్తుంది. రానివ్వండి.

[దృశ్యం మారుతుంది. తెర మీద: 70. దాని పక్కన: 2,000.]

సేవా ప్రాజెక్టుల సంగతికి వస్తే, నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది కెనడా కుర్రాడు ర్యాన్ హ్రెల్‌జాక్. 1998లో వాడికి ఆరేళ్లు. ఆఫ్రికాలో పిల్లలు మంచినీళ్ల కోసం ఎంతో దూరం నడుస్తారనీ, 70 డాలర్లుంటే బావి తవ్వించొచ్చనీ బళ్లో టీచర్ చెప్పింది. వాడు నెలల తరబడి ఇంట్లో పనులు చేసి 70 డాలర్లు కూడబెట్టి, ఆ పని చేసే సంస్థకు పట్టుకెళ్లాడు. అక్కడ తెలిసింది, 70కి వచ్చేది చేతిపంపు మాత్రమేనని. బావి తవ్వించాలంటే 2,000 డాలర్లు కావాలి.

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఆరేళ్ల పిల్లాడు ఇంత కష్టపడి తెచ్చాక, "శభాష్ బాబూ" అని తల నిమిరి, ఓ సర్టిఫికెట్ ఇచ్చి పంపేయడం ఎంత తేలిక! వాళ్లు అలా చేయలేదు. అసలు ధర చెప్పారు. వాడు మళ్లీ పనిలో పడ్డాడు, చుట్టుపక్కల వాళ్లు తోడయ్యారు. 1999లో ఉగాండాలోని అంగోలో ప్రాథమిక పాఠశాల దగ్గర బావి పూర్తయింది. తర్వాత వాడి పేరు మీదే ఒక ఫౌండేషన్ వచ్చింది.

అందరూ వాడి మంచి మనసు గురించి చెబుతారు. నాకైతే ఆ రోజు నిజం చెప్పిన పెద్దవాళ్ల మీదే గౌరవం ఎక్కువ.

ఇంకోటి గమనించండి. అక్కడి వాళ్లకు కావలసింది నీళ్లు, వీళ్లు ఇచ్చింది నీళ్లే. చాలా బడుల్లో సేకరణ దీనికి తిరగబడి ఉంటుంది. మన దగ్గర పాత బట్టలున్నాయి కాబట్టి బట్టలు పోగుచేద్దాం అంటారు. అవతల వాళ్లకు కొలతలు సరిపోవు, సగం చిరుగులు, వాటిని వేరుచేయడానికి మళ్లీ మనుషులు కావాలి. డబ్బా పెట్టే ముందే ఇద్దరు పిల్లలు అక్కడికి వెళ్లో, ఫోన్ చేసో "మీకేం కావాలి?" అని అడగాలి. "ఇప్పుడు ఏమీ వద్దు" అని వాళ్లంటే, ఆ జవాబును కూడా తరగతికి తెచ్చి చెప్పాలి.

[తెర మీద: తాళం వేసిన హుండీ, పక్కన లెక్కల పుస్తకం.]

డబ్బు దగ్గర మొహమాటం పనికిరాదు. పెట్టె తెరిచేటప్పుడు ఇద్దరు పిల్లలు, ఒక టీచర్ ఉండాలి. అక్కడే లెక్కపెట్టి, అక్కడే రాసి, ముగ్గురూ సంతకం పెట్టాలి. వచ్చిందెంత, ఎవరికి వెళ్లింది, రసీదు ఏది, అన్నీ నోటీసు బోర్డు మీద ఉండాలి.

ఒక్కటి మాత్రం బోర్డు మీద వద్దు: ఎవరెంత ఇచ్చారన్నది. "ఎక్కువ ఇచ్చిన తరగతికి బహుమతి" అని పెడితే వసూళ్లు పెరుగుతాయి, నిజమే. కానీ ఇంట్లో అడగలేని పిల్ల ఒకతి చివరి బెంచీలో తల దించుకుని కూర్చుంటుంది. ఆమె కోసం ఇంకెవరైనా సేవా ప్రాజెక్టు పెట్టాలేమో! మూసిన పెట్టె, మూసిన కవరు, అంతే. పంపిణీ ఫొటోల్లో తీసుకునేవాళ్ల మొహాలు కూడా వద్దు. పుస్తకం అందుకుంటున్న పిల్లాడు రేపు మీ పక్క బెంచీలోనే ఉండొచ్చు.

[దృశ్యం: సముద్ర తీరం, ప్లాస్టిక్ సంచులు. తెర మీద: 2013.]

చివరగా కాలం గురించి. ఇండోనేషియాలోని బాలిలో మెలాతి, ఇసబెల్ విజ్‌సెన్ అనే అక్కాచెల్లెళ్లు 2013లో ప్లాస్టిక్ సంచుల మీద ఉద్యమం మొదలుపెట్టారు. అప్పటికి ఒకరికి పన్నెండేళ్లు, ఇంకొకరికి పదేళ్లు. సంతకాలు పోగుచేశారు, గవర్నర్ వెంటపడ్డారు. ఒకసారి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిరాహార దీక్షకూ దిగారు. ఒకసారి వాడి పారేసే సంచుల మీద బాలిలో నిషేధం అమల్లోకి వచ్చింది 2019లో.

ఆరేళ్లు పట్టింది. బడి ప్రాజెక్టుకు అంత ఆయుష్షు ఎక్కడిది? నడిపేవాళ్లు పదో తరగతి పిల్లలైతే మార్చితో పని ఆగిపోతుంది. జూన్‌లో కొత్త కమిటీ వచ్చి, మళ్లీ పోస్టర్ పోటీతో మొదలుపెడుతుంది. అందుకే కమిటీలో సగంమంది చిన్న తరగతుల వాళ్లుండాలి. సీనియర్లు వెళ్లడానికి ఆరు నెలల ముందే తూకం వేసే పని, లెక్క రాసే పని జూనియర్ల చేతికి రావాలి. తప్పు చేస్తే సరిదిద్దడానికి అప్పటికి సీనియర్లు పక్కనే ఉంటారు.

వాళ్లతో పాటు ఒక పుస్తకం చేతులు మారాలి. మామూలు గీతల పుస్తకం చాలు. ఏ కుళాయి ఎప్పుడు బాగుచేశారు, ఎవరిని అడిగితే పని జరిగింది, ఏ మొక్క ఎందుకు చచ్చిపోయింది, ఎక్కడికి ఏం పంపితే వాళ్లు వద్దన్నారు, అన్నీ అందులో ఉండాలి. విజయాలు పత్రికకు ఎలాగూ పంపుతారు. ఈ పుస్తకంలో బెడిసికొట్టినవే ఎక్కువ పేజీలు ఉండాలి.

[దృశ్యం: నీళ్ల కుళాయిల వరస. చేతిలో గీతల పుస్తకంతో ఆరో తరగతి పిల్ల. పెన్సిల్ చెక్కుతోంది.]

అమ్మాయి: ఒకటోది కారట్లేదు. రెండోది కారట్లేదు. మూడోది... అక్కా, దీన్ని పోయిన నెలే బాగుచేశామని రాసుందే?

[టప్... టప్... టప్...]