తిరుగు టికెట్టు ఉన్నవాడే పర్యాటకుడు

సభకు నమస్కారం.

వీసాకు దరఖాస్తు పెట్టినవాళ్ళు ఈ సభలో కొందరైనా ఉంటారు. ఆ ఫైల్లో ఏమేం పెట్టారో ఒకసారి గుర్తు చేసుకోండి. పనిచేసే చోటు నుంచి ఒక ఉత్తరం, అందులో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా సెలవు మంజూరు చేశామన్న వాక్యం. కొన్ని నెలల బ్యాంకు స్టేట్‌మెంటు. ఇల్లో పొలమో ఉంటే వాటి కాగితాలు. పెళ్ళయి పిల్లలుంటే ఆ వివరాలు. రానూపోనూ టికెట్టు. ఇంత కట్టలో మీరు చూడబోయే ఊరి సంగతి చెప్పేది హోటల్ బుకింగు ఒక్కటే. మిగతా కాగితాలన్నీ మీ ఇంటి గురించి, మీ ఉద్యోగం గురించి. అక్కడికి ఎందుకొస్తున్నావన్న ప్రశ్న పైపైనే ఉంటుంది. మళ్ళీ ఎందుకు వెనక్కి పోతావో చెప్పు అన్నదే వాళ్ళ అసలు ప్రశ్న. అమెరికా వలస చట్టంలో 214(బి) అని ఒక సెక్షనుంది. సందర్శకుడిగా వస్తానన్న ప్రతి మనిషీ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడనే ముందుగా అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత ఆ మనిషిదే అంటుందది.

మనుషులు పర్యాటకులుగా ప్రయాణించాలంటే ఏం కావాలి అన్నది ఇవాళ నాకిచ్చిన విషయం. డబ్బు, తీరిక, రవాణా అని మూడు ముక్కలు చెప్పి కూర్చోవచ్చు. పాఠ్యపుస్తకాల్లో ఉండేది అదే, తప్పూ లేదు. కాకపోతే ఆ మూడింటినీ ఒక్కొక్కటిగా విప్పి చూస్తే లోపల ఒకే సంగతి కనబడుతుంది నాకు: తిరిగి రాగలనన్న భరోసా. బతుకుతెరువు కోసం వలసపోయేవాడు అది లేకుండానే బయలుదేరతాడు. శరణార్థికి అది ఉండదు. పర్యాటకుడికి అది లేకపోతే కాలు గడప దాటదు. మధ్యయుగాల యూరపులో దూరపు తీర్థయాత్రకు వెళ్ళేవాళ్ళు వీలునామా రాసిపెట్టి, అప్పులు తీర్చుకుని మరీ వెళ్ళేవారు. ఇప్పుడు పది రోజులు వెళ్ళొస్తామంటే పక్కింటివాళ్ళకు తాళంచెవి ఇచ్చి వెళ్తున్నాం. ఈ మధ్యలో ఏం జరిగిందో చెప్పుకుందాం.

ముందు సెలవు సంగతి. నా మటుకు నాకు విమానం కన్నా ఇదే పెద్దది.

19వ శతాబ్దంలో ఇంగ్లండులోని లాంకషైర్ నేత మిల్లుల పట్టణాల్లో ఏడాదికోసారి వేక్స్ వీక్ వచ్చేది. ఊళ్ళో మిల్లులన్నీ ఒకేసారి మూసేవారు. జనం మూటాముల్లె సర్దుకుని రైలెక్కి, బ్లాక్‌పూల్ సముద్రం ఒడ్డుకు పోయేవారు. ఆ వారానికి కూలి లేదు. ఏడాది పొడుగునా వారం వారం పొదుపు సంఘంలో కట్టుకున్న చిల్లరతోనే ఆ సరదా అంతా. మరి కూలి లేని సెలవుకు వాళ్ళు అంత నిబ్బరంగా ఎలా వెళ్ళగలిగారు? మిల్లు అందరికీ ఒకేసారి మూతపడేది, అందరికీ ఒకేసారి తెరుచుకునేది. నువ్వు లేనప్పుడు నీ మగ్గం దగ్గర ఇంకొకడు నిలబడతాడన్న భయం లేదు. మిగతా ఏడాదిలో నాలుగు రోజులు మానేసి సముద్రం చూసొస్తానంటే మాత్రం, వచ్చేసరికి ఆ పని ఉంటుందన్న నమ్మకం లేదు.

ఆ నమ్మకాన్ని చట్టంలోకి ఎక్కించిన ఏడాదిగా 1936 పేరు ఎక్కువగా వినబడుతుంది. ఫ్రాన్సులో ఆ వేసవి సమ్మెల దరిమిలా లియోన్ బ్లూమ్ ప్రభుత్వం జీతంతో కూడిన రెండు వారాల సెలవును చట్టం చేసింది. వినోదాల శాఖ చూసిన లియో లగ్రాంజ్ రైలు ఛార్జీలో 40 శాతం తగ్గించి ప్రత్యేక టికెట్లు పెట్టించాడు. సెలవూ టికెట్టూ ఒకే వేసవిలో చేతికొచ్చాయి. సముద్రం ఎలా ఉంటుందో ఎరగని కార్మిక కుటుంబాలు ఆ ఆగస్టులో రైళ్ళు నింపేశాయి. అదే సంవత్సరం అంతర్జాతీయ కార్మిక సంస్థ 52వ ఒప్పందం తెచ్చి, ఏడాది పనిచేసినవాడికి కనీసం ఆరు పనిదినాల జీతపు సెలవు ఇవ్వాలంది. 1970 నాటి 132వ ఒప్పందం దాన్ని మూడు వారాలు చేసింది. 1948 విశ్వ మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణంలోనూ జీతంతో కూడిన సెలవు మాట ఉంది. ఇంత జరిగినా, ప్రైవేటు ఉద్యోగికి ఏడాదికి ఇన్ని రోజులు జీతపు సెలవు ఇచ్చి తీరాలన్న జాతీయ చట్టం అమెరికాలో ఇప్పటికీ లేదు. ప్రపంచంలోకెల్లా ధనిక దేశం అది. డబ్బొక్కటే చాలదనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదనుకుంటాను.

జీతగాడి సంగతి సరే, తన పని తనే చేసుకునేవాడికి సెలవిచ్చేదెవరు? పాడి ఉన్న రైతును తీసుకోండి. ఆవు ఆదివారమూ పాలిస్తుంది, పండగనాడూ ఇస్తుంది. పూటకు పిండకపోతే పొదుగు వాచి జబ్బు చేస్తుంది. ఎంత సంపాదించినా ఆ రైతు ఊరు దాటలేడు. ఫిన్లాండు దీనికి చక్కటి ఉపాయం చేసింది. పాడి రైతు సెలవు మీద వెళ్తే ఆ రోజుల్లో పశువుల్ని చూసుకోవడానికి పని తెలిసిన మనిషిని పంపే ఏర్పాటు అక్కడ చట్టబద్ధంగానే ఉంది. పర్యాటక రంగం మీద ఎన్ని నివేదికలు చదివినా ఇలాంటివి వాటిలో కనబడవు. హోటళ్ళు, విమానాశ్రయాలు ఉంటాయి. పాలు పిండే మనిషి ఉండడు.

ఇంట్లో మంచాన పడ్డ తల్లో తండ్రో ఉంటే వారం పాటు వాళ్ళ దగ్గర ఎవరుంటారన్నది కూడా ఇదే లెక్క. ఆ మనిషి దొరకనివాళ్ళు, ఎక్కువగా ఆడవాళ్ళు, జీవితమంతా ప్రయాణాలు వాయిదా వేస్తూ ఉంటారు.

ఇక పాస్‌పోర్టు. పరాయి దేశంలోకి వెళ్ళనిచ్చే పుస్తకం అని దాన్ని అనుకుంటాం. నిజానికి లోపలికి రానిచ్చేది వీసా. పాస్‌పోర్టు చెప్పేది వేరు: ఈ మనిషి మావాడు, మీరు పంపించేస్తే మేం తీసుకుంటాం. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు యూరపులో చాలా సరిహద్దులు పాస్‌పోర్టు లేకుండానే దాటేవారు. యుద్ధంలో పెట్టిన తనిఖీలు యుద్ధం అయ్యాక కూడా పోలేదు. 1920లో, ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితి పారిస్‌లో సమావేశం పెట్టి, అన్ని దేశాల పాస్‌పోర్టూ ఒక తీరున, 32 పేజీల చిన్న పుస్తకంగా ఉండాలని సూచించింది. ఇప్పటి పుస్తకంలో ఫోటో ఉన్న పేజీ అడుగున బాణం గుర్తులతో నిండిన రెండు వరుసలుంటాయి చూశారా? ఒక్కో వరుసలో 44 అక్షర స్థానాలు. మీ పేరు, దేశం, పుట్టిన తేదీ, గడువు తేదీ ఏ దేశపు యంత్రమైనా చదివేలా అక్కడ ఇరికించి ఉంటాయి. మధ్యలో కొన్ని అంకెలు తప్పులు పట్టడానికే ఉన్నాయి. పాస్‌పోర్టు నంబరులోనో తేదీల్లోనో ఒక్క అంకె తేడాగా చదివినా లెక్క కుదరదు.

పాస్‌పోర్టు లోపలి భరోసా ఎంత విలువైనదో నాన్సెన్ పాస్‌పోర్టు కథ చెబుతుంది. రష్యా విప్లవం తర్వాత దేశం లేకుండా పోయిన లక్షల మంది కోసం నానాజాతి సమితి హైకమిషనర్ ఫ్రిట్యోఫ్ నాన్సెన్ 1922లో ఒక గుర్తింపు పత్రం తెచ్చాడు. ఎన్నో దేశాలు ఒప్పుకున్నాయి. కానీ మొదట్లో ఆ పత్రానికి ఒక లోటుండేది. ఇచ్చిన దేశం దాని యజమానిని మళ్ళీ రానిస్తానని మాటివ్వలేదు. వెనక్కి పంపడానికి చోటు లేని మనిషికి వీసా ఇవ్వాలంటే మిగతా దేశాలు జంకాయి. 1926లో తిరుగు వీసా ఏర్పాటు చేర్చాకే దానికి కొంత బలం వచ్చింది.

దీనికి పూర్తిగా తలకిందుల ఉదాహరణ తూర్పు జర్మనీ. గోడ కట్టి జనాన్ని లోపల బిగించిన ఆ ప్రభుత్వం 1964 నవంబరు నుంచి ఒక వర్గాన్ని మాత్రం పశ్చిమానికి చుట్టపుచూపుగా పోనిచ్చింది. పింఛనుదారుల్ని. వాళ్ళు తిరిగి రాకపోయినా ప్రభుత్వానికి నష్టం లేదు, పైగా పింఛను మిగులు! పనిచేసే వయసువాళ్ళలో, అంటే వెళ్ళాలని ఉబలాటపడేవాళ్ళలో, చాలామంది గోడ తెరుచుకున్న 1989 నవంబరు 9 దాకా ఆగాల్సొచ్చింది.

సొంత ప్రభుత్వమే అడ్డం నిలిచిన దేశాలు కమ్యూనిస్టు ప్రపంచం బయట కూడా ఉన్నాయి. అక్కడ భయం మనుషులు పోతారని కాదు, డాలర్లు పోతాయని. జపాన్ తన పౌరుల్ని సరదా కోసం విదేశాలకు పోనిచ్చింది 1964 ఏప్రిల్ 1 నుంచి. అదీ ఏడాదికోసారి, 500 డాలర్లకు మించకుండా. దక్షిణ కొరియాలో వయసు ఆంక్షల్లేకుండా అందరూ వెళ్ళగలిగింది 1989 జనవరి నుంచి. అంటే ఒలింపిక్స్‌కు ప్రపంచాన్ని పిలిచి ఆతిథ్యం ఇచ్చాక! ఆడవాళ్ళ విషయానికొస్తే, సౌదీ అరేబియాలో 21 ఏళ్ళు దాటిన స్త్రీ మగ సంరక్షకుడి అనుమతి లేకుండా పాస్‌పోర్టు తీసుకుని ప్రయాణించే హక్కు వచ్చింది 2019లో.

రవాణా గురించి అందరికీ తెలిసిందే కాబట్టి రెండు సంగతులతో సరిపెడతాను. 1841 జులై 5న థామస్ కుక్ లెస్టర్ నుంచి లాఫ్‌బరోకు సుమారు 500 మందిని మద్యనిషేధ సభకు రైల్లో తీసుకెళ్ళాడు. మనిషికి ఒక షిల్లింగు, రానూపోనూ కలిపి. విహారయాత్రల వ్యాపారం తిరుగు టికెట్టుతోనే పుట్టిందని ఆ షిల్లింగు చెబుతోంది. రెండోది, 1958 అక్టోబరులో న్యూయార్క్ నుంచి పారిస్‌కు అమెరికా విమాన సంస్థ పాన్ ఆమ్ నడిపిన బోయింగ్ 707 జెట్ విమానం. అంతకు ముందు కూడా అట్లాంటిక్ దాటే విమానాలున్నాయి గానీ ఛార్జీలు సామాన్యుడికి అందేవి కావు. ఓడలో పోతే అటు ఐదు రోజులు, ఇటు ఐదు రోజులు. రెండు వారాల సెలవున్నవాడికి చేతిలో మిగిలేది నాలుగు రోజులు. జెట్ ఆ పది రోజుల్నీ రెండు రాత్రులు చేసింది. చట్టం ఇచ్చిన రెండు వారాలు అప్పటికి ఖండాలు దాటడానికి సరిపోయాయి.

చౌక ప్యాకేజీల వెనక కూడా రాకపోకల లెక్కే ఉంది. 1950లో వ్లాదిమిర్ రైట్జ్ అనే ఆయన ఒక విమానం అద్దెకు తీసుకుని బ్రిటన్ నుంచి కోర్సికా దీవికి జనాన్ని తీసుకెళ్ళాడు. పడక గుడారాల్లో. విమానం, తిండి, బస అన్నీ కలిపి 32 పౌండ్ల 10 షిల్లింగులు. అద్దె విమానం గుంపును దింపి ఖాళీగా వస్తే నష్టం. అందుకని ఈ వారం దింపినవాళ్ళ సీట్లలోనే పోయిన వారం దింపినవాళ్ళు ఇంటికి వస్తారు. ఇలా గొలుసు కడితే సీజను మొత్తంలో ఖాళీగా ఎగిరేది మొదటి గుంపును దింపి వచ్చేటప్పుడు, ఆఖరి గుంపును తేవడానికి వెళ్ళేటప్పుడు మాత్రమే. ప్యాకేజీలన్నీ సరిగ్గా ఒక వారం, రెండు వారాలు అని ఉండటానికి ఇదొక కారణం.

జేబులో డబ్బుకూ ఇలాంటి భరోసాయే కావాల్సొచ్చింది. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ 1891లో తెచ్చిన ట్రావెలర్స్ చెక్కు మీద రెండు సంతకాలకు చోటుండేది. కొనేటప్పుడు ఒకటి, ఖర్చు పెట్టేటప్పుడు దుకాణదారు కళ్ళెదుట ఇంకొకటి. రెండూ కలిస్తేనే చెల్లుతుంది. పోతే, దొంగలెత్తుకుపోతే, కంపెనీ మళ్ళీ ఇస్తుంది. పరాయి దేశంలో చేతిలో చిల్లిగవ్వ లేకుండా చిక్కుకుపోమన్న ధైర్యాన్ని ఆ కాగితం అమ్మింది. ఇప్పుడా పని కార్డులూ ఫోన్లూ చేస్తున్నాయి.

ఇన్నీ సమకూరాక ఏమైందంటే, 1950లో ప్రపంచం మొత్తమ్మీద సుమారు 2.5 కోట్లున్న విదేశీ పర్యాటకుల రాకలు 2019కి 146 కోట్ల దాకా వెళ్ళాయి. ఇవి రాకల లెక్క, మనుషుల లెక్క కాదు. ఏడాదికి ఐదుసార్లు వెళ్ళినవాడు ఐదుగురిగా లెక్కకొస్తాడు. ఒక్కసారీ వెళ్ళని కోట్ల మంది ఈ అంకెలో ఎక్కడా కనబడరు.

మరుసటి ఏడు, కరోనా మహమ్మారి వచ్చాక, అది సుమారు 40 కోట్లకు పడిపోయింది. డబ్బున్నవాళ్ళకు డబ్బుంది, విమానాలు చెక్కుచెదరకుండా రన్‌వేల పక్కన నిలబడి ఉన్నాయి, తీరిక కావలసినంత. లేనిదల్లా వెళ్తే మళ్ళీ రానిస్తారన్న నమ్మకం. ఆస్ట్రేలియా 2020 మార్చిలో తన పౌరుల్నే అనుమతి లేకుండా దేశం దాటి వెళ్ళొద్దంది. బయట ఉన్నవాళ్ళు రావాలంటే వారానికి ఇంతమందే అని కోటా పెట్టింది. పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని సొంత దేశానికి సీటు దొరక్క నెలల తరబడి ఎదురుచూసినవాళ్ళున్నారు. 2021 నవంబరులో టీకా వేసుకున్నవాళ్ళకు ఆ తలుపులు తెరుచుకున్నాయి.

మహమ్మారి పోయింది, రాకలు మళ్ళీ పాత స్థాయికి చేరాయి. ఈలోగా పని తీరు మారింది. యాప్ మీద బండి నడిపేవాళ్ళు, ఏ రోజుకారోజు పని దొరకబుచ్చుకునేవాళ్ళు చాలా దేశాల్లో పెరిగారు. వాళ్ళలో బాగా సంపాదించేవాళ్ళూ ఉన్నారు. పది రోజులు ఫోను పక్కన పెడితే చాలాచోట్ల జీతపు సెలవు లేదు. వీసా ఫైల్లో పెట్టడానికి, ఈయన తిరిగొచ్చాక పనిలో చేరతాడు అని రాసిచ్చే యజమానీ లేడు. వాళ్ళకు ఆ ఉత్తరం ఎవరు రాయాలన్నది ఇంకా చాలా దేశాల్లో సరిగ్గా తేలలేదు. దాని మీద మీలో ఎవరికైనా ఆలోచన ఉంటే వినాలని ఉంది. ప్రశ్నలు కూడా అడగండి.